పద్నాలుగో రౌండ్ త్రికాలజ్ఞులు

బేస్‌బాల్ మేనేజ్‌మెంట్ సిమ్యులేషన్ ఆటలో తాము కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్ పద్నాలుగో రౌండ్‌లో ఏరుకొచ్చిన ఒక అనామక కుర్రాడు ఎనిమిది సీజన్లు తిరిగేసరికి లీగ్‌లోకెల్లా మేటి ఆటగాడయ్యాడనీ, కుర్ర ఆటగాళ్లను చూసి అంచనా వేసే మిగిలిన క్లబ్బుల స్కౌట్లెవరికీ ఆననిది తమ కంటికి ఆనిందనీ చాటుకొనే, ఆ ఆటలో క్లబ్బులు నడిపే జనరల్ మేనేజర్ మహాశయుల సంఖ్య ఈ మధ్య ఆందోళన కలిగించే స్థాయికి చేరింది. ఆ చాటింపుకు తోడుగా సదరు ఆటగాడి గణాంకాల పట్టిక ఒకటి, దాని కింద 'స్కౌట్ వద్దన్నాడు, నా మనసు తీసుకోమంది' అనే వినయపూర్వకమైన వాక్యం ఒకటి తప్పకుండా ఉంటాయి. ఒక మనసుకు ఇంతటి శక్తి ఉన్నప్పుడు అది పనిచేసే తీరును నిశితంగా పరిశీలించి భావితరాల కోసం నమోదు చేయడం మన బాధ్యత కాబట్టి ఈ వ్యాసం అవసరమైంది.

ముందుగా ఆ మనసు జయించిన కష్టమేమిటో చెప్పుకోవాలి. అమెరికాలో 1965లో మొదలైన అమెచ్యూర్ డ్రాఫ్ట్‌నే ఈ ఆట అనుకరిస్తుంది. హైస్కూలు ముగించిన కుర్రాళ్లనూ, కళాశాల జట్లలో ఆడే యువకులనూ 30 క్లబ్బులు వంతులవారీగా పిలుచుకుంటాయి. ఇప్పుడైతే ఏటా జూలైలో 20 రౌండ్లు జరుగుతాయి. ఆటలో మన ముందుకు వచ్చే వందలాది పేర్లలో ఒక్కొక్క దాని పక్కన రెండు అంకెలుంటాయి. ఒకటి ఇవాళ్టి సామర్థ్యం, రెండోది రేపెప్పుడో చేరుకోగల సామర్థ్యం. అసలు స్కౌట్లు వాడే 20 నుంచి 80 వరకు ఉండే కొలమానమే ఇక్కడా ఉంటుంది. 50 అంటే అమెరికా అగ్రశ్రేణి పోటీ అయిన మేజర్ లీగ్ సగటు. అయితే రెండో అంకె నిజం కాదు, మన స్కౌట్ అభిప్రాయం మాత్రమే. స్కౌటింగ్‌కు మనం కేటాయించిన డబ్బును బట్టి, స్కౌట్ నైపుణ్యాన్ని బట్టి ఆ అభిప్రాయం నిజానికి దగ్గరగానో దూరంగానో ఉంటుంది. బంతి విసిరే పిచర్ ఒకణ్ణి ఒక స్కౌట్ 65 అంటే, మరొకడు 45 అనవచ్చు. అంతకన్నా ముఖ్యమైన సంగతి, ఆ నిజం కూడా కదలకుండా ఒకచోట కూర్చొని ఉండదు. ప్రతి కుర్రాడి ఎదుగుదల మీదా ఆట లోలోపల పాచికలు వేస్తూనే ఉంటుంది. ఒకడు ఏ కారణమూ లేకుండా వికసిస్తాడు, ఇంకొకడు ఏ కారణమూ లేకుండా వాడిపోతాడు, మూడోవాడికి పందొమ్మిదో ఏట మోచేతి లిగమెంటు తెగుతుంది. ఈ చీకట్లో చెయ్యి చాచి ఒక పేరు పట్టుకోవడమే డ్రాఫ్ట్. అందులోని ఆనందమంతా ఆ చీకటిదే.

మన మహాశయులు ఈ చీకటిని ఎదుర్కొన్న విధానం శాస్త్రీయమైనది. డ్రాఫ్ట్‌కు ముందు రోజు ఆటను ఒక సేవ్ ఫైల్‌లో భద్రపరుస్తారు. తరువాత ఎవరో ఒకరిని పిలిచేసి, కాలాన్ని పదిహేను సంవత్సరాలు ముందుకు పరుగెత్తిస్తారు. ఆ తరంలో ఎవరు వెలిగారో, ఎవరు ఆరిపోయారో తీరికగా చదివి, కావలసిన పేరు కాగితం మీద రాసుకొని, పాత ఫైల్ తెరిచి, అప్పుడు డ్రాఫ్ట్‌కు కూర్చుంటారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మామూలు మనుషుల పద్ధతి; వీరు చెయ్యి కాలకముందటి రోజుకు వెనక్కి నడిచి వెళ్లి, నిప్పును ముట్టుకోనందుకు సన్మానం చేయించుకుంటారు.

ఆ రెండోసారి జరిగే డ్రాఫ్ట్ గాంభీర్యాన్ని వర్ణించడానికి నా భాష చాలదు గానీ ప్రయత్నిస్తాను. మహాశయులు తెర ముందు నిటారుగా కూర్చొని స్కౌటింగ్ డైరెక్టర్ నివేదిక తెరుస్తారు. పద్దెనిమిదేళ్ల షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్), పొటెన్షియల్ అనే ఆ రెండో అంకె 35, కింది స్థాయి మైనర్ లీగ్ జట్టులో ఖాళీ పూడ్చడానికి పనికొస్తాడని అందులో ఉంటుంది. ఆ కుర్రాడు 400 హోమ్‌రన్లు కొడతాడనీ, ముప్పై ఒకటో ఏట మోకాలు దెబ్బతింటుందనీ, కాబట్టి ముప్పయ్యో ఏటనే వాడిని వేరే క్లబ్బుకు అంటగట్టాలనీ అప్పటికే తెలిసిన వ్యక్తి ఆ నివేదిక చదివి కనుబొమలు ముడిచి దీర్ఘంగా ఆలోచిస్తారు. మొదటి రౌండ్‌లోనే వాడిని పిలిస్తే ఎవరికైనా అనుమానం రావచ్చునని వెనకాడుతారు. ఎవరికి రావచ్చునో తెలియదు. గదిలో రెండో మనిషి లేడు. పద్నాలుగో రౌండ్ దాకా ఆగుదామని నిశ్చయించుకొని, ఈలోగా కంప్యూటర్ నడిపే క్లబ్బులు ఒక్కొక్క పేరే పిలుస్తుంటే ఊపిరి బిగబట్టి చూస్తారు. ఎనిమిదో రౌండ్‌లో ఒక క్లబ్బు షార్ట్‌స్టాప్‌ను పిలిచినప్పుడు గుండె జారిపోతుంది, కానీ వాడు వేరే షార్ట్‌స్టాప్ అని తేలి తేరుకుంటారు. చివరికి తన వంతు వచ్చినప్పుడు, జవాబు ముందే తెలిసిన ప్రశ్నకు అంత ధైర్యంగా జవాబు చెప్పిన మనిషి మరొకరు లేనంత ధైర్యంగా, ఆ పేరు మీద నొక్కుతారు. కుర్రాడు కళాశాలకు పోతానని బెట్టు చేస్తే, మామూలు కన్నా కాస్త ఎక్కువ బోనస్ చూపి, 'నీలో నాకేదో కనిపిస్తోంది' అన్న ముఖం పెడతారు. కనిపించేది కాగితం మీద ఉన్న పేరు.

ఆ తరువాత భవిష్యత్తు తెలియని నేరానికి స్కౌటింగ్ డైరెక్టర్‌ను ఉద్యోగం నుంచి తీసేస్తారు.

ఇక్కడితో ముగిస్తే కథ సగమే చెప్పినట్టు. పాత ఫైల్ తెరిచినంత మాత్రాన పాత భవిష్యత్తు తిరిగి రాదు, ఎందుకంటే పాచికలు మళ్లీ మొదటి నుంచి పడతాయి. రెండో జన్మలో మన షార్ట్‌స్టాప్ డబుల్‌-ఏ అనే కింది స్థాయి జట్టు దాటి పైకి రాలేదు. మహాశయులకు నమ్మకద్రోహం జరిగినట్టయింది. కుర్రాడు తన 400 హోమ్‌రన్లను తానే ఎగ్గొట్టాడు. మళ్లీ పాత ఫైల్. మూడో జన్మలో భుజం పోయింది. మళ్లీ పాత ఫైల్. నాలుగో జన్మలో పని మీద శ్రద్ధ తక్కువని తేలి ఇరవై మూడో ఏట విడుదలయ్యాడు. ప్రతి జన్మలోనూ స్కౌటింగ్ డైరెక్టర్ ఉదయం తిరిగి కొలువులో ఉంటాడు, అదే నివేదిక అంతే నిజాయితీగా సమర్పిస్తాడు, మధ్యాహ్నానికి ఉద్యోగం పోగొట్టుకుంటాడు. అయిదో జన్మలో పాచికలు కరుణించి కుర్రాడు మళ్లీ వెలిగితే, ఆ పట్టిక బొమ్మే మనకు ప్రదర్శనగా వస్తుంది. 35 అన్న డైరెక్టర్ అయిదు జన్మల్లో మూడింటిలో సరిగ్గానే చెప్పాడన్న సంగతి మాత్రం ఎక్కడా ప్రకటించరు. ఆ భవనంలో ఆటగాళ్లను అంచనా వేయగల మనిషి అతనొక్కడే, బయటికి పోతున్నదీ అతనే.

ఇంత ఉపయోగకరమైన పద్ధతిని కంప్యూటర్‌కే పరిమితం చేయడం అన్యాయం కనుక, మేజర్ లీగ్ బేస్‌బాల్ అధికారులు దీనిని నిజమైన క్లబ్బులకు కూడా మంజూరు చేయాలని నా విన్నపం. అప్పుడు న్యూయార్క్ మెట్స్ 1966కు తిరిగి వెళ్లి, మొట్టమొదటి పిలుపుతో తీసుకున్న స్టీవ్ చిల్కాట్ అనే క్యాచర్‌ను వదిలి, ఆ వెంటనే రెండో పిలుపులో అథ్లెటిక్స్‌కు దక్కిన రెజీ జాక్సన్‌ను తీసుకుంటారు. చిల్కాట్ మేజర్ లీగ్‌కు ఎన్నడూ చేరలేదు. జాక్సన్ 563 హోమ్‌రన్లు కొట్టాడు. హ్యూస్టన్ ఆస్ట్రోస్ 2013కు వెళ్లి పిచర్ మార్క్ అపెల్ బదులు క్రిస్ బ్రయంట్ పేరు పిలుస్తారు. ఆ ఏడాది రెండో పిలుపుతో బ్రయంట్‌ను దక్కించుకున్న చికాగో కబ్స్ ఊరుకుంటారా? వారూ తమ ఫైల్ తెరుస్తారు. తరువాత మేటి ఆటగాడిగా వెలిగిన ఆల్బర్ట్ పుహోల్స్ 1999లో పదమూడో రౌండ్ దాకా, 402వ పిలుపు దాకా మిగిలిపోయాడు గనుక ఆ సంవత్సరానికి వెళ్లే దారిలో రద్దీని అదుపు చేయడానికి ప్రత్యేక ఏర్పాట్లు కావాలి. ప్రతి క్లబ్బూ ప్రతి డ్రాఫ్ట్‌నూ తనకు నచ్చేదాకా తిరగరాస్తుంది కాబట్టి బేస్‌బాల్ చరిత్ర 1965 దాటి ఒక్క రోజు కూడా ముందుకు కదలదు. అదొక్కటే చిన్న ఇబ్బంది.

2009 డ్రాఫ్ట్ సంగతి వేరుగా చెప్పుకోవాలి. మైక్ ట్రౌట్‌ను ఏంజెల్స్ 25వ పిలుపుతో తీసుకున్నారని అందరికీ తెలుసు. ముందున్న క్లబ్బులన్నీ ఎంత గుడ్డివో చెప్పడానికి మన మహాశయులు తరచూ ఉదహరించే ఉదంతమే ఇది. అయితే 24వ పిలుపు కూడా ఏంజెల్స్‌దే. దానితో వారు పిలిచింది రాండల్ గ్రిచక్‌ను. ఆ తరంలోకెల్లా గొప్ప ఆటగాడిని పట్టుకున్న క్లబ్బు సైతం అతనికన్నా ముందు మరొకరి పేరు పలికింది. వారి స్కౌట్లు పనికిమాలినవారు కాబట్టి కాదు, పదిహేడేళ్ల కుర్రాడు ఏమవుతాడో చెప్పగల వారు ఎక్కడా లేరు కాబట్టి. నిజమైన జ్ఞానం ఉన్నచోట కూడా ఇలాగే తడబాటు కనిపిస్తుంది. తడబాటు అన్నది మచ్చుకైనా లేని డ్రాఫ్ట్ చరిత్రను ఎవరైనా చూపిస్తున్నారంటే, ముందు వారి సేవ్ ఫైళ్ల ఫోల్డర్ అడిగి చూడాలి.

'నా కంప్యూటర్, నా ఆట, ఎవరికి నష్టం?' అని వీరి తరఫున వాదించేవారు ఉన్నారు. ఎవరికీ నష్టం లేదు. తలుపు వేసుకొని వెయ్యిసార్లు వెనక్కి వెళ్లండి, ప్రపంచ సిరీస్‌ను ఏటా గెలవండి, ఆటను కొన్న మనిషికి ఆ హక్కు పూర్తిగా ఉంది. నాకు కోపం తెప్పించేది ఆ తరువాత చేసే పని. వీరు పాఠాలు చెబుతున్నారు! హైస్కూలు పిచర్ల జోలికి పోవద్దనీ, పని మీద శ్రద్ధ ఎక్కువని రాసి ఉన్న కుర్రాళ్లను చివరి రౌండ్లలో ఏరుకోవాలనీ, మంచి జనరల్ మేనేజర్‌కు మొదటి రౌండ్ పిలుపు వృథా కావడం జరగదనీ, సమాధాన పత్రం ఒళ్లో పెట్టుకొని రాసిన ఉపదేశాలను అనుభవసారంగా పంచుతున్నారు. వాటిని నమ్మి నిన్నగాక మొన్న ఆట మొదలుపెట్టిన మనిషి, తన మొదటి రౌండ్ పిచర్ ఇరవయ్యో ఏట కుప్పకూలితే, లోపం తనలోనే ఉందనుకొని సిగ్గుపడి ఆట మూసేస్తున్నాడు. ఆ మనిషి ఏ తప్పూ చేయలేదు. అతను ఆటను ఆడవలసినట్టు ఆడాడు. డ్రాఫ్ట్‌లో పిలుపు అందుకున్నవారిలో అత్యధికులు మేజర్ లీగ్ మైదానంలో ఒక్క రోజు కూడా ఆడరన్నది ఈ క్రీడ ప్రాథమిక సత్యం. దానిని దాచిపెట్టి, అబద్ధపు పట్టిక చూపించి, నిజాయితీగా ఓడినవాడిని అసమర్థుడని నమ్మించడం దొంగతనం కాక ఇంకేమిటి?

బ్రయన్ టేలర్ అనే ఎడమచేతి పిచర్‌ను యాంకీస్ 1991లో మొట్టమొదటి పిలుపుతో తీసుకొని 15.5 లక్షల డాలర్ల బోనస్ ఇచ్చారు. 1993 డిసెంబరులో జరిగిన ఒక గొడవలో అతని బంతి విసిరే భుజం చితికింది; మేజర్ లీగ్ అతనికి ఎప్పటికీ అందలేదు. అతనికి పాత ఫైల్ లేదు. అతన్ని నెలల తరబడి చూసి, నమ్మి, పేరు పెట్టి సిఫారసు చేసిన స్కౌట్లకూ లేదు. మరోవైపు మైక్ పియాజాను 1988లో డాడ్జర్స్ 62వ రౌండ్‌లో, 1390వ పిలుపుతో, కేవలం మేనేజర్ టామీ లసోర్డాకు కుటుంబ స్నేహితుడన్న మొహమాటం కొద్దీ తీసుకున్నారు. 2016లో అతను హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎంపికయ్యాడు. అతనిలో ఇది తమకు ముందే కనిపించిందని ఆ క్లబ్బులో ఎవరూ గొప్పలు పోనక్కరలేదు, ఎందుకంటే కనిపించి ఉంటే 1389 పేర్లు పోయేదాకా ఆగేవారు కారు. ఈ ఇద్దరి కథల బరువూ వెనక్కి వెళ్లే దారి లేకపోవడంలోనే ఉంది. ఆ బరువును లెక్క తప్పిన ఫైల్ మాదిరి చెరిపేసి, మిగిలిన దానికి 'నా కన్ను' అని పేరు పెట్టుకునేవారికి బేస్‌బాల్ మీద ప్రేమ ఉందంటే నేను నమ్మను.

వీరి ప్రతిభకు తగిన వేదిక లేదని ఎవరూ అనలేరు. ఈ ఆటలోనే ఆన్‌లైన్ లీగులున్నాయి. ముప్పై క్లబ్బులను ముప్పై మంది మనుషులు నడుపుతారు, లీగ్ ఫైల్ కమిషనర్ చేతిలో ఉంటుంది, డ్రాఫ్ట్‌లో ఒకసారి పిలిచిన పేరు పిలిచినట్టే. పద్నాలుగో రౌండ్‌లో రత్నాలు ఏరగల కన్ను ఉన్నవారికి అక్కడ ఎదురుండకూడదు. అలాంటి ఒక లీగ్‌లో ఖాళీ ఉందని చెప్పి ఒక మహాశయుణ్ణి ఆహ్వానిస్తే, ఆయన ఎంతో మర్యాదగా తిరస్కరించారు. అక్కడ నైపుణ్యానికి విలువ ఉండదట, అంతా అదృష్టమేనట.