గ్లూటాథయోన్ గారికి, విశాఖ నుంచి

అయ్యా గ్లూటాథయోన్ గారూ,

మొన్న సిరిపురం వైపు వెళ్తుంటే ఫ్లెక్సీ మీద మీ పేరు కనిపించింది. పక్కన సగం నలుపు, సగం తెలుపు ముఖంతో ఒక అమ్మాయి. కాలేయంలో విషాలు విరిచే అంత పెద్ద ఉద్యోగం వెలగబెడుతూ, బ్యూటీ క్లినిక్‌లో ఈ సున్నం కొట్టే పనికి ఎప్పుడు ఒప్పుకున్నారండీ?

మీ ఘనత తెలీక కాదు. గ్లూటమేట్, సిస్టీన్, గ్లైసీన్ అనే మూడు అమైనో ఆమ్లాలు కలిస్తే మీరు. బలమంతా సిస్టీన్ తెచ్చిన గంధకంలో ఉంది. ఎవరైనా పారాసిటమాల్ మోతాదు మించి మింగితే, దాన్నుంచి పుట్టే విషాన్ని పట్టుకునేది మీరే. మీ నిల్వలు అడుగంటాకే కాలేయం దెబ్బతినడం మొదలవుతుంది. అప్పుడు డాక్టర్లు ఎసిటైల్‌సిస్టీన్ ఎక్కిస్తారు, మీరు మళ్లీ తయారవడానికి అది సరుకు. 8 గంటల్లోపు పడితే చాలామంది గట్టెక్కుతారు. ఆ మందు సీసా మూత తీస్తే కుళ్లిన కోడిగుడ్డు వాసన! ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు అంటారే, మీ వంశానిది ఆ సామెతకి తిరగేసిన వరస. ప్రాణం నిలబెట్టే ఆ కంపుకి మాత్రం ఊళ్లో ఒక్క ఫ్లెక్సీ లేదు.

మావాళ్లకి కావలసింది వేరు. పెళ్లిచూపులకొచ్చిన పెద్దావిడ పకోడీ నములుతూ "పిల్ల బాగుంది గానీ, కాస్త రంగు తక్కువండీ" అనేసి పోతుంది. మర్నాడు పిల్ల చేతికి డ్రిప్పు. (పిల్లాడి రంగు ఎవరూ అడగరు. వాడికి స్టీల్ ప్లాంట్‌లో ఉద్యోగం ఉంటే చాలు.)

చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌ని తయారుచేసే టైరోసినేజ్ అనే ఎంజైమ్‌కి మీరు అడ్డుపడే మాట నిజమే. ఆ ఒక్క ముక్క పట్టుకుని క్లినిక్‌వాళ్లు సూది దాకా వెళ్లిపోయారు. రంగు కోసం మిమ్మల్ని నరంలోకి ఎక్కించుకుంటే కిడ్నీలకీ థైరాయిడ్‌కీ ముప్పని ఫిలిప్పీన్స్ ఔషధ నియంత్రణ సంస్థ 2011లోనే హెచ్చరించింది. పోనీ మాత్ర వేసుకుందామంటే, మీరు చాలావరకు పొట్టలోనే ముక్కలైపోతారు.

సరే, పిల్ల తెల్లబడిందే అనుకుందాం. ఆర్కే బీచ్‌లో మూడింటి ఎండలో మురీ మిక్చర్ తింటూ తిరిగితే మెలనిన్ తన డ్యూటీ తను ఎక్కదా? అందుకే క్లినిక్‌లో ‘మెయింటెనెన్స్’ అని నెలనెలా రమ్మంటారు. ఎంవీపీ కాలనీలో మా అపార్ట్‌మెంట్‌కి కట్టే మెయింటెనెన్స్ కంటే అదే ఎక్కువ. మాకు అందులో లిఫ్టూ, వాచ్‌మనూ కూడా వస్తారు.

ఇట్లు,
మిమ్మల్ని ఇంట్లోనే ఉచితంగా తయారుచేసుకుంటున్న
ఒక చామనఛాయ మనిషి