మహారాజశ్రీ లేజర్ ప్యాకేజీల పట్టిక గారికి

మహారాజశ్రీ లేజర్ ప్యాకేజీల పట్టిక గారి దివ్యసముఖమునకు, కుడికన్ను మైనస్ ఏడున్నర, ఎడమకన్ను మైనస్ ఏడుంబావు గల అమ్మాయి తండ్రి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. లామినేషన్ అంచులు లేవకుండా, కౌన్సెలింగ్ గదిలోని గాజుబల్ల మీద మీరు కూడా క్షేమంగానే ఉన్నారని తలుస్తాను. ఉభయకుశలోపరి.

హైదరాబాదులో మెట్రో స్తంభాల నీడన ఉన్న ఆ కంటి ఆసుపత్రికి మేము వచ్చింది ఆషాఢమాసంలో. ఆషాఢం తగ్గింపు చీరలకూ గిన్నెలకూ మాత్రమే ఉంటుందనుకునే పాతకాలపు మనిషిని కావడం వల్ల, మీ నెత్తిన ఎర్రటి అక్షరాలతో ‘ఆషాఢం ఆఫర్’ అని ఉండడం చూసి తప్పు గుమ్మం తొక్కామేమోనని కాసేపు అనుమానపడ్డాను. కళ్లజోడు అవసరం లేకుండా చేసే పద్ధతులకు మీలో అయిదు నిలువు గడులు ఉన్నాయి. బ్లేడు లాసిక్ కింద ‘ఎకానమీ’ అని, ఫెమ్టో లాసిక్ కింద ‘క్లాసిక్’ అని, కాంటూరా కింద ‘గోల్డ్’ అని, స్మైల్ కింద ‘ప్లాటినం’ అని, ఐసీఎల్ కింద ‘రాయల్’ అని రాసి ఉంది. రైలు పెట్టెల్లో తరగతులు చూశాను, పెళ్లి భోజనాల్లో ప్లేటుకింతని తరగతులు చూశాను. కంటి నల్లగుడ్డుకు కూడా తరగతులుంటాయని మీ దయవల్లనే తెలిసింది. మొదటి గడికీ చివరి గడికీ ధరలో మూడు రెట్లకు పైగా తేడా ఉన్నా, ‘నొప్పి ఉండదు’, ‘మర్నాడే ఆఫీసుకు’, ‘జీవితాంతం భరోసా’ అన్న వరసల్లో అందరికీ పచ్చటి టిక్కులు పెట్టిన మీ సమదృష్టిని మెచ్చుకోకుండా ఉండలేను.

అయితే మీ తెలివంతా గడులను నిలబెట్టిన వరసలో ఉంది. ఏ కంటికి ఏది తగునన్న క్రమం కాదు మీది, ధర పెరిగే క్రమం. ఎడమ నుంచి కుడికి చదవడం అలవాటైన వాడికి, కుడివైపు జరిగేకొద్దీ వైద్యం మెరుగవుతోందనే తోస్తుంది. కూతురి కళ్లకు ఎకానమీ చాలునని నోరు తెరిచి అనగల తండ్రి తెలుగునాట ఇంకా పుట్టలేదని మీకు బాగా తెలుసు. మీ తరఫున మాట్లాడిన కౌన్సెలర్ అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్న పవర్ ఎంతని కాదు, “పెళ్లి ఎప్పుడు పెట్టుకుంటున్నారు సార్?” అని. సంబంధాలు చూస్తున్నామని మా ఆవిడ పూర్తిగా అననైనా అనకముందే, ఆమె చూపుడువేలు మీ గోల్డ్ గడి మీద నుంచి ప్లాటినం గడి మీదికి జరిగింది.

మీ అడుగున ఒక నక్షత్రం గుర్తు, దాని పక్కన చీమ తలకాయంత అక్షరాల్లో ఒక వాక్యం ఉన్నాయి. నాకు చత్వారం. చదువుకునే జోడు ఇంట్లో మరిచిపోయి వచ్చాను గనుక, మిమ్మల్ని చెయ్యి చాచినంత దూరం పెట్టి చూసినా అది నాకు చీమలబారు లాగే కనిపించింది. మా అమ్మాయి అప్పటికే కనుపాపను పెద్దది చేసే చుక్కలు వేయించుకుని, జోడు తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. “ఇటివ్వండి నాన్నా” అని మిమ్మల్ని అందుకుని, ముక్కుకు ఆనించుకున్నంత దగ్గరగా పట్టుకుని గడగడా చదివేసింది. మైనస్ ఏడున్నర కంటికి జోడు లేకుండా స్పష్టంగా కనిపించేది పదమూడు, పద్నాలుగు సెంటీమీటర్ల దూరంలోనే. కానీ ఆ దూరంలో దానికి సాటి లేదు, చుక్కలు వేసినా ఆ బలం పోదు. “కార్నియా మందము, ఆకృతి అనుకూలించిన పక్షంలో మాత్రమే పై ప్యాకేజీలు వర్తించును.” అదీ ఆ వాక్యం. అయిదు గడులకూ మూలమైన ఆ ఒక్క షరతును, ఎవరి సైటు తీసేస్తామంటున్నారో వాళ్లు తప్ప డబ్బు కట్టేవాళ్లు చదవలేని సైజులో అచ్చువేయించిన మీ హాస్యప్రియత్వానికి జోహార్లు.

ఆ వాక్యం అర్థం డాక్టరుగారి గదిలో తెలిసింది. చుక్కలు వేయకముందు తీసిన స్కాను అక్కడ తెరమీద ఉంది. తుపాను రోజుల్లో టీవీలో చూపించే వాతావరణ పటంలా రంగురంగులుగా ఉన్న గుండ్రటి బొమ్మ, దాని నడుమ ఒక అంకె: 485. నల్లగుడ్డు మీద గడియారపు అద్దంలా ఉండే పారదర్శకమైన పొర, అంటే కార్నియా, మా అమ్మాయికి నట్టనడుమ 485 మైక్రాన్ల మందం ఉంది. అది అర మిల్లీమీటరు కన్నా తక్కువ. మామూలుగా 540 దరిదాపుల్లో ఉంటుందట. లేజర్‌తో సైటు తీసేయడమంటే ఆ పొరను లోలోపల చెక్కి వంపు తగ్గించడమే తప్ప వేరే మాయ ఏమీ లేదని, చెక్కిన మేర మళ్లీ పెరగదని డాక్టరుగారు చెప్పారు. చెప్పి, ఫైలులో ఉన్న మీ జిరాక్సు ప్రతిని తీసి, వెనక్కి తిప్పి, ఆ తెల్లటి వైపున బాల్‌పెన్నుతో లెక్క వేశారు.

ఆరు మిల్లీమీటర్ల వెడల్పున చెక్కితే సైటును కొలిచే ఒక్కో డయాప్టరుకు సుమారు 12 మైక్రాన్లు ఖర్చవుతాయి గనుక ఏడున్నరకు 90. లాసిక్‌లో ముందుగా కోసి మూతలా పైకెత్తే పొరను ఫ్లాప్ అంటారు, దానికి 110. రెండూ కలిపితే 200, 485లో అది పోతే అడుగున మిగిలేది 285. “250 మిగిలితే చాలనేవాళ్లు ఉన్నారమ్మా. 300 లేనిదే నేను చెయ్యను” అన్నారావిడ. మొత్తం మందంలో 40 శాతానికి మించి కదపకూడదన్నది ఇంకో లెక్క. 485లో 200 అంటే 41 శాతం దాటుతుంది. హద్దు దాటి పల్చబడిన కార్నియా కొన్నేళ్లకు లోపలి ఒత్తిడికి ముందుకు ఉబ్బుతుందట, అప్పుడు ఏ జోడూ సరిగా పనిచేయదట. చెక్కే వెడల్పు కాస్త తగ్గించి మైక్రాన్లు మిగుల్చుకోవచ్చు కదా అని, గుడ్డలు బేరమాడే అలవాటు కొద్దీ అడిగాను. చీకట్లో కనుపాప విప్పారుతుందని, చెక్కిన వలయం దానికన్నా చిన్నదైతే ఔటర్ రింగు రోడ్డు మీద ఎదురొచ్చే ప్రతి లారీ దీపానికీ చంద్రుడికి కట్టినట్టు వరదగుడి కడుతుందని జవాబు వచ్చింది.

మీ పరువు కాపాడదామని ప్లాటినం గడిని వెనకేసుకొచ్చాను. స్మైల్‌లో ఫ్లాప్ ఉండదు కదా అన్నాను. నిజమే, ఉండదు. ఇరవై మిల్లీమీటర్ల చుట్టుకోతకు బదులు రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల చిన్న గాటు పెట్టి, లోపల లేజర్‌తో వేరుచేసిన పల్చటి బిళ్లను అందులోంచి బయటికి లాగుతారు. నరాలు తక్కువ తెగుతాయి, కాబట్టి కళ్లు పొడిబారే బాధ లాసిక్‌లో కన్నా తక్కువ. దెబ్బ తగిలితే ఫ్లాప్ జరిగిపోతుందన్న భయమూ లేదు. ఇన్ని సద్గుణాలున్న గడిలో మీరు చెప్పకుండా దాచింది ఒక్కటే. ఆ బిళ్ల మీద 120 మైక్రాన్ల పైకప్పు మిగల్చాలి, బిళ్ల చిరగకుండా చేతికి రావాలంటే లెక్కకు మించి మరో పది పదిహేను మైక్రాన్ల మందం ఇవ్వాలి. ఆ లెక్కన మా అమ్మాయికి మిగిలేది 260. ఎక్కువ డబ్బు పోసి తక్కువ కార్నియా మిగుల్చుకునే అవకాశాన్ని మీరు ప్లాటినం అని పిలుస్తున్నారన్నమాట. ఇక మీ గోల్డ్ గడిలో కంటిని 22,000 బిందువుల దగ్గర కొలుస్తామని ఘనంగా రాశారు. ఎగుడుదిగుడులున్న కంటికి ఆ కొలతల విలువ ఉంటుంది, కాదనను. కానీ 22,000 సార్లు కొలిచినా 485 కాస్తా 486 కాదు.

మీరు అన్యాయం చేసింది మాత్రం పీఆర్కేకు. పాపం దానికి గడి కూడా ఇవ్వకుండా, ‘ఇతర పాత పద్ధతులు’ అని అడుగున, నక్షత్రానికి ఇరుగుపొరుగున పడేశారు. ఎక్సైమర్ అనే అతినీలలోహిత లేజర్‌తో సైటు తీసేసే చికిత్సల్లో అమెరికాలో అందరికన్నా ముందు, 1995లో, అనుమతి దొరికింది దానికే; మీ ప్లాటినం గారికి 2016 దాకా దొరకలేదు. పీఆర్కేలో కోత లేదు, మూత లేదు. పైనుండే యాభై మైక్రాన్ల చర్మం లాంటి పొరను తొలగించి, దాని కింద లేజర్ పెడతారు. మూడు నుంచి అయిదు రోజుల్లో ఆ పైపొర మళ్లీ పెరుగుతుంది. ఆ రోజులు మాత్రం నరకం: కట్టులా పెట్టిన లెన్సు కింద కంటినిండా ఉల్లిపాయ పిండినట్టుంటుంది, వెలుతురు చూడలేరు, చూపు కుదుటపడడానికి వారాలు పడుతుంది. అంటే మీ పచ్చటి టిక్కుల్లో మొదటి రెండూ దానికి పెట్టడం కుదరదు, అందుకే మీకు అది చిన్నచూపు. కార్నియా పల్చగా ఉండి సైటు మరీ ఎక్కువ లేనివాళ్లకు, కబడ్డీలూ కుస్తీలూ ఆడేవాళ్లకు డాక్టర్లు దాన్నే ఎంచుకుంటారన్న సంగతి మీ చుట్టుపక్కల ఎవరూ మీకు చెప్పినట్టు లేదు. మా అమ్మాయికి లెక్క ప్రకారం 345 మిగిలేవే గానీ, ఏడున్నర దాకా చెక్కితే కార్నియా మసకబారే ప్రమాదం పెరుగుతుందని డాక్టరుగారు దానికీ తల అడ్డంగా ఊపారు.

మీ నుదుటన జర్మనీ జెండా ఒకటి, స్విట్జర్లాండు జెండా ఒకటి అచ్చువేశారు. ఆ లేజర్ వంశవృక్షంలో మనకు దగ్గరివాడు ఒకాయన ఉన్నాడని తెలిస్తే మూడో జెండా కూడా వేసేవారేమో. 1981 నవంబరులో, అమెరికాలో ఐబీఎం పరిశోధనశాలలో పనిచేస్తున్న, మద్రాసులో పుట్టిన రంగస్వామి శ్రీనివాసన్, థాంక్స్‌గివింగ్ పండగ భోజనంలో మిగిలిన టర్కీ కోడి ముక్కను మర్నాడు ప్రయోగశాలకు పట్టుకెళ్లి, 193 నానోమీటర్ల అతినీలలోహిత కిరణంతో కోశాడు. చుట్టుపక్కల మాంసం కొంచెం కూడా కమలకుండా కిరణం పడిన చోటే శుభ్రంగా తెగింది. ఆయనతో పాటు జేమ్స్ విన్, శామ్యూల్ బ్లమ్ ఆ పనిలో ఉన్నారు. 1983లో స్టీఫెన్ ట్రోకెల్ అనే కంటి డాక్టరు దాన్ని కార్నియా దాకా తీసుకొచ్చాడు. ఆ కోడి మందం ఎంతో ఎవరూ కొలిచి ఉండరు గానీ, అది ఏ ప్యాకేజీ కిందికి వస్తుందని కూడా ఎవరూ అడగలేదు.

నా మీద కూడా మీకు అభిమానం కలిగినట్టుంది. చెయ్యి చాచి మిమ్మల్ని చదవబోయిన నన్ను గమనించిన కౌన్సెలర్ అమ్మాయి, చత్వారానికీ ప్యాకేజీ ఉందని, ఒక కన్ను దూరానికీ ఇంకో కన్ను దగ్గరికీ సరిచేస్తారని, తండ్రీకూతుళ్లకు కలిపి చేస్తే ఇరవై శాతం తగ్గుతుందని చెప్పింది. ఒక కన్ను రోడ్డుకు, ఒక కన్ను పేపరుకు పంచి ఇచ్చే వయసు నాకింకా రాలేదని మర్యాదగా తప్పుకున్నాను.

డబ్బు సంగతికి వస్తే, బీమా ఉంది కదా అన్న ధైర్యం కూడా మీ గదిలోనే చెదిరింది. మన ఆరోగ్య బీమా పాలసీల్లో 7.5 డయాప్టర్ల కన్నా తక్కువ సైటును సరిచేయించుకుంటే ఖర్చు ఇవ్వబోమన్న మినహాయింపు ఉంటుంది. దాన్ని అక్షరాలా చదివితే, సరిగ్గా ఏడున్నర ఉన్న మా అమ్మాయి కుడికన్నుకు చేయించేది వైద్యం, పావు తక్కువైన ఎడమకన్నుకు చేయించేది సోకు. ఒకే ముఖాన రెండు కళ్లకూ ఇంత తారతమ్యం చూపించగల శక్తి మీ అయిదు గడులకు కూడా లేదు.

ఇక మిగిలింది రాయల్ గడి. ఐసీఎల్ అంటే కార్నియా జోలికి పోకుండా, కనుపాప వెనక, పుట్టుకతో ఉన్న కటకానికి ముందు, మెత్తటి లెన్సును అమర్చడం. అవసరమైతే దాన్ని బయటికి తీయవచ్చు. కానీ అది కంటి లోపల చేసే ఆపరేషను. లోపల దానికి చాలినంత లోతు, మూడు మిల్లీమీటర్ల దరిదాపుల్లో, ఉండాలి, ఆ తర్వాత కూడా ఏటేటా చూపించుకుంటూ ఉండాలి. మా అమ్మాయికి లోతు సరిపోయింది. కాకి వాలినప్పుడే తాటిపండు రాలినట్టు, మీలోని అన్నిటికన్నా ఖరీదైన గడే ఆమె కంటికి తగినదని తేలింది. మీ ముఖం వెలిగిపోయే ఉంటుంది. సరిగ్గా అప్పుడే డాక్టరుగారు పాత జోడు చీటీ అడిగారు. నిరుడు కుడికన్ను 6.75. ఏడాదిలో ముప్పావు పెరిగింది. “ఇంకా కదులుతోంది కదమ్మా. ఒక ఏడాది పాటు నిలిచాక రా, అప్పుడు మళ్లీ కొలుద్దాం. కళ్లు నులుముకుంటావా?” అని అడిగారు. అప్పుడప్పుడని అమ్మాయి తలొంచుకుని ఒప్పుకుంది. “మానెయ్. పల్చటి కార్నియాకు అదే పెద్ద శత్రువు” అన్నారు. సంప్రదింపు రుసుము తప్ప దానికి వేరే బిల్లు వేయలేదు.

కాబట్టి నా విన్నపం ఏమంటే, తమరు మళ్లీ అచ్చుకు వెళ్లినప్పుడు, అన్నిటికన్నా ఎడమవైపున ‘ఆగండి’ అని ఒక ఆరో గడి చేర్చుకోవాలి. ధర దగ్గర సున్నా వేయవచ్చు. ‘నొప్పి ఉండదు’, ‘మర్నాడే ఆఫీసుకు’ అన్న వరసల్లో పచ్చటి టిక్కులు నిస్సంకోచంగా పెట్టవచ్చు. మీ జిరాక్సు ప్రతి ప్రస్తుతం మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం కింద ఉంది. లెక్క ఉన్న వైపు బయటికి, మీ ముఖం ఫ్రిజ్ వైపుకు ఉన్నందుకు మన్నించగలరు.

ఇట్లు,
భవదీయుడు,
485 మైక్రాన్ల తండ్రి

తాజాకలం: నిన్న మీ దగ్గర నుంచి ఫోనుకు సందేశం వచ్చింది. ఆషాఢం ఆఫర్‌ను శ్రావణమాసానికి కూడా పొడిగించారట, శుక్రవారం నాడు వచ్చేవాళ్లకు కుంకుమభరిణె ఉచితమట. ఆ సందేశం అడుగున కూడా ఒక నక్షత్రం ఉంది. అమ్మాయి ఆఫీసు నుంచి రాగానే జోడు తీయించి చదివిస్తాను.