ప్లగ్ నల్లబడిందని ఇంజన్‌ను చంపేయకండి

సెకండ్‌హ్యాండ్ మాజ్దా ఆర్ఎక్స్-8 కొనాలనుకునేవాళ్ల మధ్య ఒక సలహా తెగ తిరుగుతోంది. "నాలుగు స్పార్క్ ప్లగ్‌లూ విప్పి చూడండి. నల్లగా ఉంటే అపెక్స్ సీళ్లు పోయినట్టే. నాలుగూ ఒకేలా లేకపోతే ఆ బండి జోలికి పోవద్దు. లేత గోధుమ రంగులో ఉంటే ఇంజన్ భేష్. ఇరిడియం ప్లగ్‌లు కాబట్టి లక్ష కిలోమీటర్ల దాకా చూడక్కర్లేదు." ఇదీ దాని సారాంశం. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటూ, తక్కువ ధరకు వస్తోందని ఈ బండి వైపు చూసే మనవాళ్లూ దీన్ని నమ్మే ప్రమాదం ఉంది. నమ్మితే మంచి ఇంజన్‌ను వదులుకుంటారు. లేదా, అంతకన్నా ఘోరంగా, పోయిన ఇంజన్‌ను ఇంటికి తెచ్చుకుంటారు.

"నల్లగా ఉంటే సీళ్లు పోయినట్టే." ఇది పూర్తిగా తప్పు. ఆర్ఎక్స్-8లో ఉండేది రోటరీ ఇంజన్: పిస్టన్ల బదులు మూడు ముఖాల రోటర్లు రెండు తిరుగుతాయి. అది నూనె తాగడం రోగం కాదు, దాని తయారీయే అంత. రోటర్ కొనల్లో ఉండి ఒక గదిని పక్క గది నుంచి వేరుచేసే అపెక్స్ సీళ్లు గోడను రాసుకుంటూ తిరుగుతాయి కాబట్టి, వాటిని తడపడానికి ఒక పంపు కొద్దికొద్దిగా ఇంజన్ ఆయిల్‌ను లోపలికి పంపుతూనే ఉంటుంది. అది పెట్రోలుతో పాటే కాలిపోతుంది. కాబట్టి కొంత మసి, కొంత బూడిద ఎప్పుడూ ఉంటాయి. దానికి తోడు ఇంజన్ వేడెక్కకముందే ఆపేసే చిన్న చిన్న ప్రయాణాలు చేస్తే ప్లగ్ మరింత నల్లబడుతుంది. పొడి మసి వేలికి అంటుకుని పెట్రోలు వాసన వస్తుంటే ముందు కాయిల్‌ను (ప్లగ్‌కు స్పార్క్ కోసం కరెంటు ఇచ్చేదాన్ని) అనుమానించండి. ఈ బండిలో కాయిళ్లు బలహీనపడటం అందరికీ తెలిసిన జబ్బే. ప్లగ్ తడిసిపోయి ఉంటే ఇంజన్ ఫ్లడ్ అయి (పెట్రోలు ఎక్కువై మునిగి) ఉండొచ్చు, లేదా అక్కడ స్పార్క్ రావడం లేదు. వీటిలో ఏదీ సీళ్ల సంగతి చెప్పదు. సీళ్లు అరిగితే పడిపోయేది కంప్రెషన్, అంటే గదిలో గాలిని నొక్కినప్పుడు పుట్టే ఒత్తిడి. ప్లగ్ మాత్రం చూడ్డానికి చక్కగానే ఉండొచ్చు.

"నాలుగూ ఒకేలా ఉండాలి." ఎందుకుండాలి? రోటర్‌కు రెండు చొప్పున ప్లగ్‌లు ఉంటాయి: కిందది లీడింగ్, పైది ట్రెయిలింగ్. రెండూ అంటించేది ఒకే గదిలోని పెట్రోలునే అయినా, కూర్చునే చోట్లు వేరు. ట్రెయిలింగ్ ప్లగ్ ఒక చిన్న రంధ్రం వెనక ఉంటుంది. ఆ రంధ్రం పెద్దదైతే, అపెక్స్ సీల్ దాని మీదుగా పోయే క్షణంలో ఒక గదిలోని ఒత్తిడి పక్క గదిలోకి జారిపోతుంది. అందుకే ప్లగ్‌లు కూడా రెండు రకాలు: లీడింగ్‌కు ఎన్‌జీకే ఆర్ఈ7సీ-ఎల్, ట్రెయిలింగ్‌కు ఆర్ఈ9బీ-టీ. ఎన్‌జీకే లెక్కలో అంకె పెరిగేకొద్దీ ప్లగ్ వేడిని త్వరగా వదిలేస్తుంది. ఇన్ని తేడాలున్నప్పుడు పైదీ కిందదీ పక్కపక్కన పెట్టి రంగు కలవలేదనడంలో అర్థం లేదు.

పోల్చాల్సింది ముందు రోటర్ లీడింగ్‌ను వెనక రోటర్ లీడింగ్‌తో, ట్రెయిలింగ్‌ను ట్రెయిలింగ్‌తో. అప్పుడు తేడా కనిపిస్తే అది నిజమైన ఆనవాలు. ఉదాహరణకు ఒక లీడింగ్ పొడిగా ఉండి రెండోది తడిగా ఉందనుకోండి, ఆ రెండు కాయిళ్లనూ అటుదిటు మార్చి నడిపి మళ్లీ చూడండి. తడి కాయిల్‌తో పాటే అవతలికి వెళ్లిందంటే దొంగ దొరికినట్టే. ఇది వాయిదా వేసే పని కాదు. కాలకుండా బయటికొచ్చిన పెట్రోలు పొగగొట్టంలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండుతుంది, అది కరిగి మూసుకుపోతుంది, పోలేని వేడి వెనక్కి తన్ని ఇంజన్‌నే తినేస్తుంది. ఒక కాయిల్‌ను పట్టించుకోకపోవడం వల్ల మొత్తం ఇంజన్ పోవడానికి దారి ఇదే.

"గోధుమ రంగు ఉంటే భేష్." ప్లగ్ మీద రంగు చివరి కొద్దిసేపట్లో ఇంజన్ ఎలా నడిచిందో చెబుతుంది, అంతే. అమ్మేవాడు హైవే మీద గట్టిగా తిప్పుకొచ్చి చూపిస్తే ఒక రంగు, ఇంటి ముందు పావుగంట ఐడిల్‌లో ఉంచి చూపిస్తే ఇంకో రంగు. తెల్లటి పూత కూడా చాలాసార్లు ఆయిల్‌లోని రసాయనాల బూడిదే. అయితే పింగాణీ మీద పొక్కులున్నా, మిలమిలలాడే లోహపు చుక్కలున్నా, చీలిక ఉన్నా భయపడాల్సిందే. పేలుడు అదుపు తప్పిందని అర్థం.

"లక్ష కిలోమీటర్లు." అసలు నష్టం చేసేది ఈ మాటే. మామూలు నాలుగు స్ట్రోకుల పిస్టన్ ఇంజన్‌లో షాఫ్ట్ రెండుసార్లు తిరిగితే ప్లగ్ ఒకసారి పేల్చాలి. రోటరీలో షాఫ్ట్ తిరిగిన ప్రతిసారీ పేల్చాలి. 6,000 ఆర్పీఎం (నిమిషానికి షాఫ్ట్ తిరిగే చుట్లు) దగ్గర ఒక్కో ప్లగ్ సెకనుకు 100 స్పార్కులు వేస్తుంది, అదే వేగంలో పిస్టన్ ఇంజన్‌ది వేసేది 50. పైగా పిస్టన్ ఇంజన్‌లో చల్లటి గాలీ పెట్రోలూ వచ్చినప్పుడల్లా ప్లగ్‌కు కాస్త ఊపిరాడుతుంది. రోటరీలో ఆ గాలి లోపలికి వచ్చే చోటు వేరు, ప్లగ్ ఉన్న చోటు ఎప్పుడూ నిప్పుల కొలిమే. ఇరిడియమైనా అరుగుతుంది. కొత్త ప్లగ్ పక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది: ఎలక్ట్రోడ్ అంచులు పదును పోయి గుండ్రబడి ఉంటాయి, గ్యాప్ పెరిగి ఉంటుంది. గ్యాప్ పెరిగేకొద్దీ దాన్ని దూకడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి, ఆ బరువు కాయిల్ మీదే పడుతుంది. అంచు గుండ్రబడితే రంగు ఎంత బాగున్నా మార్చేయండి. విప్పేది మాత్రం ఇంజన్ బాగా చల్లారాకే. ప్లగ్ బిగించే ఇంజన్ గోడ (హౌసింగ్) అల్యూమినియం కాబట్టి వేడిగా ఉన్నప్పుడు తిప్పితే మరలు పాడవుతాయి.

సీళ్ల సంగతి తెలియాలంటే కంప్రెషన్ కొలవాలి, అదీ రోటరీకి సరిపోయే మీటర్‌తో. మామూలు గేజ్ రోటర్ మూడు ముఖాల్లో ఎక్కువ చూపించిన దాన్నే పట్టుకుని నిలబడుతుంది, బలహీనమైనది దాని వెనక దాక్కుంటుంది. ఆర్ఎక్స్-8కు 250 ఆర్పీఎం దగ్గర 830 కిలోపాస్కళ్లు ప్రమాణం, 680 కనీసం. రెండు రోటర్లు, మూడేసి ముఖాలు: అమ్మేవాణ్ణి ఆరు అంకెలూ కాగితం మీద అడగండి. కొలిచినప్పుడు ఇంజన్ వేడిగా ఉందా, ఎంత ఆర్పీఎం దగ్గర కొలిచారు అన్నది కూడా అందులో రాసి ఉండాలి.