సాయంత్రం ఐదు దాటితే ఓరుగల్లు

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో పొద్దున జెండా పాట (ఆ రోజు ధర తేల్చే వేలం) ముగిసి, కాంటాలు అయ్యి, అడ్తిదారు దగ్గర లెక్క తేలేసరికి మధ్యాహ్నం దాటుతుంది. గుంటూరు నుంచో నాగ్‌పూర్ నుంచో మిర్చి కొనడానికి వచ్చిన ఖరీదుదారుకు ఆ తర్వాత ఈ ఊళ్లో పనేమీ ఉండదు. లాడ్జి గదికి పోయి టీవీ పెట్టుకుంటాడు, లేదంటే స్టేషన్‌కు ఆటో మాట్లాడుకుంటాడు. మడికొండ ఐటీ పార్కుకు వచ్చిన ఇంజినీరు, గీసుగొండ వైపు కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులో యంత్రాలు బిగించడానికి వచ్చిన నిపుణుడు, నిట్‌కో కాకతీయ మెడికల్ కాలేజీకో పరీక్షల పని మీద వచ్చిన ఆచార్యురాలు, అందరిదీ ఇదే దారి. సికింద్రాబాద్ రైల్లో రెండు గంటల దూరమే. రాత్రి భోజనం వేళకు హైదరాబాద్‌లో ఉంటున్నారు. ఆ భోజనం ఖర్చు, గది అద్దె, ఆటో కిరాయి, ఇంటికి పట్టుకుపోయే వస్తువు ఖర్చు కూడా వాళ్లతోపాటే రైలెక్కుతున్నాయి.

వరంగల్‌లో చూడదగ్గవి లేక ఇలా జరగడం లేదు. అవి తెరిచి ఉండే వేళలు ఈ మనుషులకు పనికిరావడం లేదు. పని మీద వచ్చినవారి చేతిలో మిగిలేది పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా, సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది దాకా. పర్యాటకం అనగానే మనం సెలవు పెట్టి పిల్లాజెల్లాతో వచ్చే కుటుంబాన్నే ఊహించుకుని ఏర్పాట్లు చేస్తున్నాం. ఒంటరిగా, చేతిలో బ్యాగుతో, మూడు గంటల ఖాళీతో ఉన్న మనిషి మన లెక్కలోనే లేడు.

కోట సంగతే చూద్దాం. వరంగల్ స్టేషన్ నుంచి రెండు మూడు కిలోమీటర్లు. మట్టికోట దాటి, రాతికోట ద్వారం ఒంపుల్లోంచి లోపలికి వెళ్తే నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు, వాటి నడుమ స్వయంభూ శివాలయం శిథిలాలు కనిపిస్తాయి. 1323లో కోట ఢిల్లీ సేనల వశమైన తర్వాత గుడి నేలమట్టమైంది, తోరణాలు మాత్రం నిలిచాయి. రాష్ట్ర చిహ్నంలో ఉన్నది ఆ తోరణమే. శిల్పాల ఆవరణ నింపాదిగా చూడటానికి గంట పడుతుంది, ఖుష్ మహల్‌కు పావుగంట, ఏకశిల గుట్ట ఎక్కి దిగడానికి అరగంట. దారి కూడా కలుపుకుంటే రెండు గంటల పని. అయితే పురావస్తు శాఖ కట్టడాలకు సాధారణ నియమం పొద్దుపొడుపు నుంచి పొద్దుగూకే దాకా. డిసెంబర్‌లో ఇక్కడ పావు తక్కువ ఆరుకే పొద్దు గూకుతుంది. ఐదింటికి మీటింగ్ ముగించుకున్నవారు ద్వారం దగ్గరికి వచ్చేసరికి వెలుగే ఉండదు.

ఈ నియమాన్ని సడలించలేమని ఎవరైనా అంటే 2019ని గుర్తు చేయాలి. ఆ ఏడాది జూలైలో దేశంలోని పది కట్టడాలను రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉంచుతామని కేంద్రం ప్రకటించింది. ఢిల్లీలోని హుమాయూన్ సమాధి, విజయపుర గోల్ గుంబజ్, పట్టదకల్లు, పాటన్ రాణీ కీ వావ్ ఆ జాబితాలో ఉన్నాయి. మన సరిహద్దు దాటగానే గడ్చిరోలి జిల్లాలో, వైన్‌గంగ ఒడ్డున ఉన్న మార్కండ ఆలయాలు కూడా ఉన్నాయి. ఓరుగల్లు కోట లేదు. మార్కండకు దక్కిన వెసులుబాటును లక్షల జనాభా ఉన్న నగరం నడిబొడ్డున నిలిచిన కోటకు ఇవ్వకపోవడానికి మాకు కారణం కనిపించడం లేదు. మన ఎంపీలు ఢిల్లీలో అడగాల్సినవాటిలో ఇది ఒక్క రూపాయి కొత్త నిర్మాణం అక్కర్లేనిది.

వేళలు పెంచితే లైట్లు కావాలి. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. ఎదురుగా నిలబెట్టి కొట్టే ఎర్ర, నీలి దీపాలు చెక్కడాన్ని చదును చేస్తాయి. హంసల బారు, లతల మెలికలు, స్తంభం మీది సన్నని నగిషీ, ఏదీ కంటికి ఆనదు. పక్క నుంచి, కింది నుంచి వాలుగా పడే తెల్లని వెలుగులోనే రాతి లోతు తెలుస్తుంది. నడక దారికి మోకాలి ఎత్తులో చిన్న దీపాలు చాలు. అవి లేకపోతే వానాకాలంలో గడ్డి మధ్య పాముల భయం, ఎప్పుడూ విరిగిన రాళ్లకు కాలు తగిలే భయం. కోటలో రాత్రి జరిగే సౌండ్ అండ్ లైట్ ప్రదర్శన ఆరుబయట సాగేది. వాన పడితే ఆగిపోతుంది. ఆ కబురు సాయంత్రం నాలుగింటికే హోటళ్లకు, ఆటో స్టాండ్లకు ఫోన్‌లో చేరేలా చూస్తే దూరం నుంచి వచ్చి వెనుదిరిగే అవస్థ తప్పుతుంది. ఆడవాళ్లు ఒంటరిగా వచ్చే రోజులివి. ప్రదర్శన అయ్యాక బయట వారికి తిరుగు బండి సిద్ధంగా ఉందన్న భరోసా లేకపోతే వారు అసలు బయల్దేరరు.

కోట సాయంత్రానికి దొరకనంత కాలం అతిథులకు మేం చెప్పేది పొద్దున మీద ఆధారపడమనే. హనుమకొండలో బస చేసినవారు ఆరున్నరకు వేయిస్తంభాల గుడిలో ఉండాలి. రుద్రదేవుడు 1163లో కట్టించిన త్రికూటాలయం ఇది. శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి మూడు గర్భగుళ్లు, ఎదుట నిగనిగలాడే నల్లరాతి నంది. అవతల కల్యాణ మండపం. 2006లో దాన్ని రాయి రాయిగా విప్పారు, పునాది గట్టిపరిచి, మళ్లీ పేర్చి 2024 మార్చిలో తెరిచారు. పద్దెనిమిదేళ్లు పట్టిన ఆ పనిని దగ్గర నుంచి చూస్తే కొత్త రాయి ఎక్కడ అతికిందో, పాత రాయి ఎక్కడ నిలిచిందో గుర్తుపట్టొచ్చు. నిర్మాణ రంగంలో పనిచేసేవారికి అది గంట సేపు చూడాల్సిన వస్తువు. సోమవారాలు, కార్తీక మాసం, శివరాత్రి మాత్రం తప్పించుకోవాలి, లేదా రద్దీకి సిద్ధపడి రావాలి. అక్కడి నుంచి భద్రకాళి చెరువు కట్ట మీద ఒక నడక, గుడిలో దర్శనం, ఫలహారం, తొమ్మిదికల్లా పనిలోకి. భద్రకాళి గుడి మధ్యాహ్నం మూసి ఉంటుంది కాబట్టి భోజన విరామంలో వెళ్దామనుకునేవారు తలుపులు చూసి వస్తారు.

ఇక రామప్ప. సగం రోజు ఖాళీ దొరికినవారు అడిగే మొదటి పేరు ఇదే, ఎక్కువ మంది పాడుచేసుకునే ప్రయాణమూ ఇదే. పాలంపేట హనుమకొండ నుంచి సుమారు 70 కిలోమీటర్లు, ములుగు మీదుగా గంటన్నర. పదింటికి తీరిగ్గా బయల్దేరితే మిట్టమధ్యాహ్నం చేరతారు. చెప్పులు విప్పి ఎక్కాల్సిన రాతి వేదిక అది. ఏప్రిల్, మే నెలల్లో ఆ రాయి మీద పది అడుగులు వేయలేరు, ఇక చూరు కింది స్త్రీ శిల్పాలైన మదనికల వంక తలెత్తి చూసే ఓపిక ఎక్కడిది? తెల్లవారుజామున ఐదున్నరకు కదిలితే ఏడింటికి గుడి ముందు ఉంటారు. రెండు గంటలు చూసి పదకొండు కల్లా నగరానికి తిరిగి రావచ్చు, మధ్యాహ్నం మీటింగ్ చెడదు. ఎండాకాలంలో ఒక జత నూలు సాక్సులు వెంట ఉంచుకోవాలి.

రేచర్ల రుద్రుడు గణపతిదేవుడి కాలంలో, 1213లో కట్టించిన ఈ గుడిని 2021 జూలై 25న యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. చూసేటప్పుడు మూడు చోట్ల ఆగాలి. పైకప్పుకు బయటి చూరు కింద నిలిచిన నల్లరాతి మదనికలు మొదటిది. ప్రధాన మండపంలోని స్తంభాల నునుపు రెండోది. ఇనుప పరికరాలతో అంత గట్టి రాతిని అద్దంలా ఎలా సాన పట్టారో చూసి తీరాలి. మూడోది విమానం, అంటే గర్భగుడి మీది శిఖరం. నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలతో పై బరువు తగ్గించి, కింద ఇసుక నింపిన పునాది వేశారు. నేల కదిలితే ఆ ఇసుక సర్దుకుంటుందనే ఆలోచన. మండపం గచ్చు ఎగుడుదిగుడుగా కుంగినా గుడి నిలిచి ఉండటం కళ్లారా చూడవచ్చు. ఈ సంగతులు చెప్పే గైడ్ లేకపోతే అతిథి ఫొటోలు తీసుకుని ఇరవై నిమిషాల్లో బయటికొస్తారు. హిందీలో, ఇంగ్లిష్‌లో మాట్లాడగల స్థానిక యువతకు శిక్షణ ఇచ్చి, రుసుము రాసిన బోర్డు ద్వారం దగ్గర పెట్టడం పర్యాటక శాఖ చేతిలో పని. ఆర్టీసీ హనుమకొండ నుంచి ఐదున్నరకు కదిలి పదకొండుకు తిరిగి చేర్చే ఒక్క బస్సు నడిపితే, కారు కిరాయి భరించలేక మానుకునే చిన్న వ్యాపారులు, సేల్స్ ఉద్యోగులు వెళ్లగలుగుతారు. శని, ఆదివారాల ప్యాకేజీ వీరికి అక్కరకు రాదు. వారికి కావాల్సింది మంగళవారం, బుధవారం.

రామప్పతో పాటు లక్నవరం చెరువు, బొగత జలపాతం కూడా ఒకే పూటలో చూపిస్తామనే డ్రైవర్ మాట వినొద్దని మా సలహా. లక్నవరం వేలాడే వంతెనకు ఒక పూర్తి పూట ఇవ్వాలి. బొగత వాజేడు దగ్గర, వంద కిలోమీటర్ల పైమాటే, అదీ వానలు పడ్డాకే నీళ్లు. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి మేడారం జాతర సాగే రోజుల్లో ములుగు దారి మొత్తం జనసంద్రం. జాతరకే వచ్చేవారికి అది మరవలేని అనుభవం, ఇతర పని మీద వచ్చేవారికి ఆ వారం నగరంలో గది దొరకడమే కష్టం.

కొనుగోళ్ల గురించి. నగరంలోని కొత్తవాడలో నేసే జంపఖానాలకు (నేల మీద పరిచే తివాచీలకు) 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అయినా బయటి ఊరివారు అక్కడి మగ్గాన్ని చూడకుండానే వెళ్లిపోతున్నారు, ఎందుకంటే వారు ఖాళీ అయ్యే వేళకు మగ్గం ఆగుతుంది. వారంలో రెండు రోజులు సాయంత్రం ఏడున్నర దాకా ఒక మగ్గమైనా ఆడించి చూపిస్తే అమ్మకం దానంతటదే జరుగుతుందని మా నమ్మకం. కొనేవారు మూడు చూసుకోవాలి. తెల్లగుడ్డ తడిపి రంగు మీద గట్టిగా రుద్దితే మరక రాకూడదు. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే నేత సందుల్లోంచి కాంతి చుక్కలు కనిపించకూడదు. నేల మీద పరిస్తే నాలుగు మూలలూ లేవకుండా కూర్చోవాలి, లేచిందంటే అంచు బిగువు సమంగా లేదన్నమాట. పెద్ద సైజు మోయలేమని మానుకునేవారికి పార్సిల్ చేసి పంపే ఏర్పాటు అమ్మేచోటే ఉండాలి. కారులో హైదరాబాద్ వెళ్లేవారికి జనగామ దగ్గర పెంబర్తి దారిలోనే తగులుతుంది. లక్క మీద ఇత్తడి రేకు పరిచి, ఉలితో కొట్టి బొమ్మ తేల్చే పని అక్కడ పగటి వెలుతురులో చూడాలి.

ఎనుమాముల యార్డును కూడా చూడదగ్గ చోటుగా గుర్తించాలని మేం కోరుతున్నాం. అక్టోబర్ నుంచి పత్తి బస్తాలు, సంక్రాంతి దాటాక మిర్చి రాశులు. ఇంజినీర్లకు, విద్యార్థులకు, విదేశీ అతిథులకు జెండా పాట కన్నా గొప్ప దృశ్యం ఈ నగరంలో లేదు. కానీ హమాలీలకు, బండ్లకు అడ్డం తగలకుండా నిలబడి చూసే ఒక అరుగు కావాలి. మిర్చి యార్డులోకి మాస్కు లేకుండా వెళ్తే దగ్గు ఆగదు. చేత్తో కాయ ముట్టుకుని కన్ను నలుపుకుంటే ఆ రోజు పని పోయినట్టే. భౌగోళిక గుర్తింపు పొందిన చపాటా మిర్చి, అదే టమాటా మిర్చి, ఇక్కడి పంట. కారం తక్కువ, రంగు ఎక్కువ. అరకిలో పొట్లాలుగా అమ్మే చిన్న దుకాణం యార్డు గేటు దగ్గర ఉంటే వచ్చినవారు చేతులూపుకుంటూ పోరు.

తిండి విషయంలో మన హోటళ్లు ఇంకా బిర్యానీ దాటి బయటికి రాలేదు. సర్వప్ప అడిగితే నవ్వి ఊరుకుంటారు. దానికి కారణం ఉంది. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, నువ్వులు, ఉల్లికాడలు కలిపి సర్వ (లోతైన గిన్నె) లోపల అంటించి, వేలితో చిల్లులు పెట్టి, నూనె వదిలి సన్నని మంట మీద కాల్చాలి. ఒక్కదానికి పావుగంట పైన పడుతుంది. రెండోది అంటించాలంటే గిన్నె చల్లారాలి, వేడి గిన్నెకు పిండి అంటదు. నాలుగైదు సర్వలు వరసగా పెట్టుకుని, సాయంత్రం ఆరింటికి మొదలుపెట్టేవారికి మాత్రమే ఇది గిట్టుబాటు. మహిళా సంఘాలకు భద్రకాళి కట్ట దగ్గర నాలుగు బండ్ల చోటు ఇస్తే ఆ పని వారు చేసి చూపిస్తారు. సకినాలు మాత్రం డబ్బాలోనే అమ్మాలి, సంచిలో పెడితే కాజీపేట దాటకముందే పొడి అవుతాయి.

కాజీపేట అంటే మరో చిక్కు. ఢిల్లీ నుంచి సికింద్రాబాద్ వెళ్లే రైళ్లు కాజీపేటలో, చెన్నై, విజయవాడ వైపు రైళ్లు వరంగల్‌లో ఆగుతాయి. రెండు స్టేషన్ల మధ్య పది కిలోమీటర్లు. టికెట్ మీది పేరు సరిగా చూసుకోక ఒక స్టేషన్‌కు బదులు మరో స్టేషన్‌కు వెళ్లినవారికి రైలు అందడం కష్టం. సాయంత్రం రద్దీలో ముప్పావు గంట చేతిలో ఉంచుకోవాలి. రెండు స్టేషన్లలోనూ, హనుమకొండ బస్టాండ్‌లోనూ రాత్రి పది దాకా సామాను భద్రపరిచే గది, కోటకు, వేయిస్తంభాల గుడికి, కొత్తవాడకు ఆటో కిరాయి రాసిన బోర్డు ఉండి తీరాలి. గది ఖాళీ చేసి, భుజాన బ్యాగు మోస్తున్న మనిషి ఏకశిల గుట్ట ఎక్కడు.

కొత్త పత్తి అక్టోబర్‌లో యార్డుకు వస్తుంది, దాంతో పాటే ఖరీదుదారులూ వస్తారు. స్టేషన్లలో బోర్డులు, సామాను గది, ఐదున్నర బస్సు, ఈ మూడూ జిల్లా యంత్రాంగం, రైల్వే, ఆర్టీసీ కూర్చుని మాట్లాడుకుంటే ఆలోపే అయ్యే పనులు. కోట వేళల పొడిగింపుకు లేఖ ఈ వారమే ఢిల్లీకి వెళ్లాలి.