జవాబు రాని ప్రార్థనలకు మైక్ ఎప్పుడిస్తాం?

నెలలో మొదటి ఆదివారం మన సంఘాల్లో సాక్ష్యాల సమయం ఉంటుంది కదా. వీసా వచ్చినవాళ్లు, పెళ్లి కుదిరినవాళ్లు, స్కాన్‌లో గడ్డ కనిపించకుండా పోయినవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి చెబుతారు. అందరం చప్పట్లు కొడతాం. కొట్టాలి కూడా. ఎవరింట్లో మేలు జరిగినా సంతోషమే. కానీ అదే మందిరంలో వెనక వరుసల్లో, ఏళ్ల తరబడి ఉపవాసాలుండి ఏమీ జరగనివాళ్లు కూర్చుని ఉంటారు. వాళ్ల కథకు ఇంకా మంచి ముగింపు రాలేదు కాబట్టి వాళ్లను ఎవరూ ముందుకు పిలవరు.

పెళ్లయి చెన్నై వచ్చినప్పటి నుంచి ఇక్కడి తెలుగు సంఘాల్లోనే ఉన్నాను. అలాంటి కుటుంబాలు ఎలా దూరమవుతాయో చూస్తూనే ఉన్నాను. మొదట ప్రార్థన విన్నపాల చీటీ రాయడం మానేస్తారు. తర్వాత వాక్యం మొదలయ్యాక వచ్చి, ఆశీర్వాదం కాకముందే లేచిపోతారు. ఇంకొన్నాళ్లకు అసలు రారు. అప్పుడు మనం "లోకంలో కలిసిపోయారు" అని తీర్పు చెప్పేస్తాం. వాళ్లను గడప దాకా తోసింది మన మాటలే అని ఒప్పుకోం.

మా తమ్ముడికి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటల డయాలసిస్. నెల్లూరు జిల్లాలో ఇంటికి తాళం వేసి మా అమ్మ కూడా వాడితో వచ్చేసింది. ఇంటికొచ్చి ప్రార్థన చేసినవాళ్లలో మంచివాళ్లు చాలామందే ఉన్నారు, వాళ్లకు రుణపడి ఉంటాను. కానీ "సిస్టర్, ఇంట్లో ఒప్పుకోని పాపం ఏదైనా ఉందేమో పరీక్షించుకోండి" అన్నవాళ్లూ ఉన్నారు. "సందేహపడితే స్వస్థత ఆగిపోతుంది" అన్నవాళ్లూ ఉన్నారు. ఒకాయనైతే డయాలసిస్ మానేసి దేవుణ్ణి నమ్మమన్నాడు. కిడ్నీలు పూర్తిగా పాడైన మనిషి డయాలసిస్ ఆపేస్తే ఒంట్లో నీరు, పొటాషియం పెరిగిపోయి రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. ఆ మాట అనడానికి ఆయనకు నోరెలా వచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. విశ్వాసం పేరుతో అలాంటి సలహా ఇవ్వడం పాపం. ఆ పాపాన్ని ఒప్పుకోమని ఎవరూ అడగరు.

తమ్ముడు పోయాడు. సమాధుల తోట నుంచి వచ్చిన రాత్రి అమ్మ నన్ను ఒకటే అడిగింది. "ఇంకెంత నమ్ముండాల్సిందమ్మా నేను?"

ఈ పోస్ట్ రాస్తున్నది ఆ ప్రశ్న వల్లే. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఏడవాలి. తన విశ్వాసానికి మార్కులు వేసుకుంటూ కూర్చోవాల్సిన గతి ఆమెకు ఎవరు పట్టించారు?

బైబిల్ అయితే కాదు. పౌలు తిమోతికి రాసిన రెండో పత్రిక చివర్లో ఒక చిన్న మాట ఉంది. త్రోఫిముకు జబ్బు చేసింది కాబట్టి అతన్ని మిలేతులో విడిచిపెట్టి వచ్చానంటాడు. అంతే, ఇంకేమీ చెప్పడు. ఎన్నో స్వస్థతలు చేసిన పౌలు జబ్బుపడ్డ తోటి పనివాణ్ణి అలాగే వదిలి రావాల్సి వచ్చింది. పౌలుకు విశ్వాసం తక్కువైందా? త్రోఫిము ఇంట్లో పాపం ఉందా? పుట్టుగుడ్డివాణ్ణి చూపించి, పాపం చేసింది వీడా, వీడి కన్నవాళ్లా అని శిష్యులు అడిగితే వీడూ కాదు, వాళ్లూ కాదన్నాడు యేసు. మనం ఇంకా ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయాం.

బాప్తిస్మమిచ్చు యోహాను గురించి ఇంకా చెప్పాలి. ఒంటె రోమాల బట్ట, మిడతలు, అడవి తేనె, యొర్దాను నది, వీటి మీద ఎన్నో ప్రసంగాలు విన్నాను. కానీ చెరసాల నుంచి ఆయన పంపిన ప్రశ్న మీద విన్నవి చాలా తక్కువ. రాబోయేవాడివి నువ్వేనా, లేక ఇంకొకరి కోసం కనిపెట్టాలా అని తన శిష్యులతో యేసునే అడిగిస్తాడు. ఇదిగో దేవుని గొర్రెపిల్ల అని యేసును వేలు పెట్టి చూపించినవాడే అలా అడిగాడు. హేరోదు రాజు చెరలో పడ్డాక ఆయనకూ అనుమానం వచ్చింది. యేసు కోప్పడలేదు. గుడ్డివాళ్లు చూస్తున్నారు, కుంటివాళ్లు నడుస్తున్నారు, వెళ్లి చెప్పండి అని కబురు పంపాడు. వాళ్లు వెళ్లాక జనం వైపు తిరిగి, స్త్రీలు కన్నవాళ్లలో యోహాను కంటే గొప్పవాడు పుట్టలేదన్నాడు. అనుమానం వచ్చిన రోజే ఆ మెప్పు కూడా వచ్చింది! అయినా చెర తలుపు తెరుచుకోలేదు. యోహాను తల నరికించారు. ఈ కథను సాక్ష్యాల సమయంలో చెప్పమంటే మనలో ఎంతమందికి నోరు పెగులుతుంది?

యేసు శిష్యుడు తోమా విషయంలోనూ అంతే. ఆయన ఈ ఊరివాడే అన్నంతగా చెన్నై ఆయన్ని దాచుకుంది. క్రీ.శ. 52లో మన దేశపు తీరానికి వచ్చాడనీ, 72లో పరంగిమలై (సెయింట్ థామస్ మౌంట్) మీద ఈటెతో పొడిచి చంపారనీ సంప్రదాయం. శాంథోమ్‌లో ఆయన సమాధి మీదే గుడి ఉందంటారు. ఇంత దగ్గర ఉండి కూడా మనం ఆయన్ని "అనుమానపు తోమా" అనే అంటాం. యేసు చనిపోయిన లాజరు దగ్గరికి బయలుదేరినప్పుడు, మనమూ వెళ్లి ఆయనతో చనిపోదాం పదండి అన్నది ఈ తోమాయే అని ఎవరూ గుర్తు చేయరు. యేసు తిరిగి లేచాడని శిష్యులు చెబితే, గాయాలు చూస్తేగానీ నమ్మను అన్న తర్వాత ఎనిమిది రోజులు గడిచాయి. ఆ ఎనిమిది రోజుల తర్వాత యేసు వచ్చేసరికి తోమా ఎక్కడున్నాడు? మిగతా శిష్యులతో అదే ఇంట్లో ఉన్నాడు. నమ్మనివాణ్ణి వాళ్లు బయటికి పంపలేదు, అతనూ లేచి వెళ్లిపోలేదు. నాకు సంఘం అంటే ఆ ఇల్లు. స్త్రీలు వచ్చి యేసు సమాధి ఖాళీగా ఉందని చెప్పినప్పుడు ఆ శిష్యులు కూడా వట్టి మాటలని కొట్టిపారేశారు కదా. అందుకే తోమాను తప్పుపట్టే ధైర్యం వాళ్లకు లేకపోయి ఉంటుంది.

ఆశీర్వాదాలు చూపిస్తేనే జనం నిలబడతారని కొందరు పాస్టర్లు నిజంగానే భయపడతారు. మన ముత్తాతల సంగతి చూడండి. 1876 నుంచి 1878 దాకా వచ్చిన కరువులో, ఒంగోలులో ఉన్న అమెరికన్ మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వించే కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి పని చూపించాడు. అన్నం కోసం మతం మారారనే మాట రాకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు, ఆ కరువులో అయినవాళ్లను పూడ్చినవాళ్లు. వాళ్లకు కారు వాగ్దానం చేశారా, ఇల్లు వాగ్దానం చేశారా? క్రైస్తవులను ఎస్సీల్లో లెక్కించని 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు తర్వాత వాళ్ల పిల్లలకు కాగితాల్లో ఎస్సీ హోదా కూడా లేకుండా పోయింది. అయినా పట్టు వదల్లేదు. ఆ కాలువ ఇవాళ మన చెన్నైలో మురుగు మోస్తూ పారుతోంది. దాని మీది వంతెన దాటినప్పుడల్లా నాకు వాళ్లే గుర్తొస్తారు.

ఇక నా సంగతి. కొన్ని రాత్రులు ప్రార్థన చేస్తుంటే అవతల ఎవరూ లేరనిపిస్తుంది. ఇప్పటికీ అనిపిస్తుంది. 88వ కీర్తన చదువుతాను. మొర పెట్టుకున్న మిగతా కీర్తనలు చాలావరకు చివరికి స్తుతిలోకి తిరుగుతాయి. ఇది తిరగదు, చీకటితోనే ఆగిపోతుంది. దాన్ని ఎవరూ తీసేయలేదు, చివర్లో ఒక హల్లెలూయా తగిలించలేదు. అలాంటి ప్రార్థనను తన గ్రంథంలో ఉంచుకున్న దేవుడైతే నా మాట కూడా వింటాడని నా నమ్మకం. సిలువ మీద "నన్నెందుకు చెయ్యి విడిచితివి" అని అరిచినవాడి ముందు నా ప్రశ్నలు దాచుకోవాల్సిన పని లేదు.

అమ్మను నిలబెట్టింది మాత్రం నా మాటలు కాదు. మా సంఘంలో కార్పొరేషన్ ఊడ్పు పని చేసే ఒకావిడ ఉంది. తెల్లవారుజామున డ్యూటీకి వెళ్లి, అది అయ్యాక మా ఇంటికొచ్చి అమ్మ పక్కన కూర్చునేది. వాక్యాలు చెప్పేది కాదు. ఒకరోజు అమ్మ అదే ప్రశ్న ఆమెనూ అడిగింది. "నాకూ తెలీదక్కా. మా ఆయన పోయినప్పుడు నేను దేవుడితో పోట్లాడినాను. ఇప్పుడూ పోట్లాడతానే ఉండాను. నువ్వూ పోట్లాడు, మాట్లాడటం మాత్రం మానొద్దు" అంది. ఆ మరుసటి ఆదివారం అమ్మ మందిరానికి వచ్చింది. పాటలు పాడలేదు. ప్రభు భోజనపు బల్ల దగ్గరికి మాత్రం వెళ్లింది.

పాస్టర్ గారూ, పెద్దలూ, నేను అడిగేది పెద్ద విషయం కాదు. సాక్ష్యాల సమయంలో ఒక్కరినైనా, ఇంకా ఏమీ జరగనివాళ్లను పిలవండి. వాళ్లు చెప్పాక వెంటనే ధైర్యవచనం అందుకోకండి, కాసేపు ఊరుకోండి. యోబు స్నేహితులు కూడా ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నోరు మెదపకుండా అతనితో నేల మీద కూర్చున్నారు. నోరు తెరిచాకే తప్పు చేశారు, చివరికి దేవుడు కోప్పడింది వాళ్ల మీదే. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ప్రార్థన నూనె సీసాతో పాటు ఆటో డబ్బులు కూడా పట్టుకెళ్లండి. మందులు మానమని చెప్పేవాణ్ణి ఎంత పేరున్న ప్రసంగీకుడైనా స్టేజీ ఎక్కనివ్వకండి.

మా సంఘంలో ఈ మాట అడిగాను. ఆలోచిద్దాం అన్నారు. వచ్చే నెల మళ్లీ అడుగుతాను. ఒప్పుకుంటే ముందు మా అమ్మే మాట్లాడతానంది.