గుంట లెక్కలు యాప్‌లో... ఆ లెక్కలు ఎవరి చేతిలో?

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు వైపు రొయ్యల గుంటల దగ్గర, మేత ఎంత తిన్నాయో చూసే చెక్ ట్రే పక్కన ఇప్పుడు ఫోను కూడా పనిముట్టే. రొయ్యల్ని పరిచి ఫొటో తీస్తే కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలో) చెప్పే యాప్‌లు, నీటిలో ఆక్సిజన్ తగ్గితే గాలి కలిపే ఏరియేటర్లు వేసే సెన్సర్లు, రొయ్యలు తినే చప్పుడును బట్టి మేత వదిలే యంత్రాలు వచ్చేశాయి. సాగు ఖర్చులో సగం దాకా మేతకే పోతుంది కాబట్టి వృథా తగ్గించే ఏ సాధనమైనా మేలే. సలహా చెప్పే కంపెనీయే మేత అమ్మి, అప్పిచ్చి, చివరికి సరుకు కూడా కొంటున్నప్పుడే అసలు చిక్కు మొదలవుతుంది.

మేత లెక్కనే తీసుకోండి. 2 లక్షల పిల్ల వదిలిన గుంటలో రొయ్య 10 గ్రాములకు వచ్చిందనుకుందాం. 90 శాతం బతికుందని యాప్ అనుకుంటే మొత్తం బరువు 1,800 కిలోలు. అందులో 4 శాతం చొప్పున రోజుకు 72 కిలోల మేత వేయమంటుంది. నిజంగా బతికింది 70 శాతమే అయితే కావలసింది 56 కిలోలే. మిగిలిన 16 కిలోలు రోజూ అడుగున కుళ్లి అమ్మోనియాగా మారుతుంది, తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయి రొయ్య పైకి తేలుతుంది. ఆ 90 శాతం ఎవరు పెట్టిన అంకె? అమావాస్య, పౌర్ణమి దగ్గర రొయ్యలు ఎక్కువగా కుబుసం విడుస్తాయని, అప్పుడు సరిగా తినవని మన రైతులు మేత తగ్గిస్తారు. యాప్ తగ్గించమనకపోతే అది తెలియకనా, మేత సంచులు అమ్ముడుపోవాలనా? లోపలి లెక్క చూపించనంత కాలం ఈ అనుమానం తీరదు. మేత నాణ్యత కోసం రాష్ట్రం 2020లో చట్టమే తెచ్చింది. ఆ మేత ఎన్ని కిలోలు వేయాలో చెప్పే సాఫ్ట్‌వేర్‌కు మాత్రం పరీక్షంటూ లేదు.

ఫొటో కౌంటుదీ ఇదే కథ. రొయ్యలు ఒకదానిమీద ఒకటి పడితే రెండూ ఒకటిగా లెక్కలోకి రావచ్చు. అంతకంటే పెద్ద తప్పు ఫొటో తీయకముందే జరుగుతుంది. ట్రేలోకి వచ్చేది ఆకలి మీద చురుగ్గా ఉన్న రొయ్యే, జబ్బుపడ్డదీ కుబుసం విడిచి మెత్తబడ్డదీ రాదు. అందుకే నాలుగు మూలలా, మధ్యలో వల విసిరి కనీసం వంద రొయ్యల్ని తూకం వేయాలి. వంద రొయ్యలు 2 కిలోలు తూగితే 50 కౌంటు. కౌంటు పెరిగితే రొయ్య చిన్నదని, ధర తగ్గుతుంది. పది కౌంట్లకు కిలో మీద 30 రూపాయల తేడా అనుకుంటే, మూడు కౌంట్లు తప్పితే 9 రూపాయలు. 4 టన్నుల పట్టుబడికి 36 వేలు! కొనేవాడి యాప్ చెప్పిన కౌంటుకే బేరం కుదిరితే ఈ తేడా ఎవరి జేబులోకి పోతుందో చెప్పనక్కర్లేదు.

జబ్బు విషయంలో ఇంకా ప్రమాదం. పెంకు మీద తెల్లమచ్చ కనపడగానే యాప్ దాన్ని వైట్ స్పాట్ అనే వైరస్ జబ్బు అనేయవచ్చు. కొన్ని బాక్టీరియాల వల్లా, నీటిలో ఆల్కలినిటీ (క్షార గుణం) బాగా పెరిగినా అలాంటి మచ్చలే వస్తాయి. తేల్చేది ల్యాబ్‌లో చేసే పీసీఆర్ పరీక్షే. ఇక ఈహెచ్‌పీ అనే సూక్ష్మ పరాన్నజీవి పడితే పైకి ప్రత్యేకమైన గుర్తే ఉండదు, ఎదుగుదల ఆగి సైజుల్లో తేడాలొస్తాయి. దీన్ని కెమెరా ఎలా పడుతుంది? నిజంగా వైట్ స్పాటే వస్తే 3 నుంచి 10 రోజుల్లో గుంట ఖాళీ అయిపోవచ్చు గనుక రైతు ఆగలేడు. ఆ హెచ్చరిక రైతు ఫోనుకూ కంపెనీ కొనుగోలు విభాగానికీ ఒకేసారి చేరితే, ఇతను అమ్మక తప్పదని బేరానికి వచ్చేవాడికి ముందే తెలిసిపోతుంది. 2025 ఆగస్టులో మన దేశ సరుకుల మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పటిలా మార్కెట్ వణికే రోజుల్లో అది రైతు మెడ మీద కత్తే.

2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కొంత ఆసరా. సమ్మతి అడిగే నోటీసును తెలుగులో చూసుకునే వీలుండాలి, ఇచ్చిన సమ్మతిని ఇచ్చినంత తేలిగ్గా వెనక్కి తీసుకోగలగాలి. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి గానీ కంపెనీల ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువుంది. పైగా ఇది మనిషిని గుర్తుపట్టగల డేటాకే వర్తిస్తుంది. పేర్లు తీసేసి, ఫలానా మండలంలో ఈ వారం ఇన్ని టన్నులు పట్టుబడికి వస్తాయని లెక్కకట్టి అమ్ముకుంటే ఈ చట్టం ఆపదు. ధరను కదిలించేది ఆ లెక్కే. బ్యాంకు అప్పు దొరక్క కంపెనీ అరువు మేత మీద ఆధారపడే కౌలు రైతు నొక్కే ‘అంగీకరిస్తున్నాను’ బటన్‌ను స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతి అనగలమా?

రైతు వైపు నుంచి చేయగలిగింది కొంత ఉంది. పిల్ల వదిలిన తేదీ, రోజువారీ మేత, చనిపోయిన రొయ్యల లెక్క సొంత పుస్తకంలో రాసుకోవాలి. వారానికోసారి వల విసిరి సొంత కాటా మీద తూచి యాప్ కౌంటుతో పోల్చాలి. ఆక్సిజన్ సెన్సర్ మొనకు పాచి పడితే అంకె తప్పుతుంది, దాన్ని తరచూ శుభ్రం చేసి మరో మీటరుతో సరిచూడాలి. మిగతాది ప్రభుత్వం పని. ఆక్వా రంగాన్ని నియంత్రించే రాష్ట్ర సంస్థ అప్సడా ఈ యాప్‌లనూ తన కిందికి తెచ్చుకోవాలి. బతికిన శాతం ఎంత అనుకున్నారో, జబ్బు అంచనా మీద నమ్మకం ఎంతో తెర మీద చూపడం తప్పనిసరి చేయాలి. సలహా విభాగానికి చేరిన గుంట వివరాలు కొనుగోలు విభాగానికి పోకూడదని లైసెన్సు షరతుగా రాయాలి.