సూపర్ ట్యూస్‌డే: మా మొగ్గు వారెన్ వైపు

మూడు రోజుల్లో అధ్యక్ష అభ్యర్థిత్వం కోసం అమెరికా డెమోక్రాట్ల పోటీ రూపురేఖలే మారిపోయాయి. శనివారం సౌత్ కరోలినాలో జో బైడెన్ దాదాపు 49 శాతం ఓట్లతో గెలిచారు. ఆ రాత్రే టామ్ స్టయర్ బరిలోంచి తప్పుకున్నారు. ఆదివారం పీట్ బూటెజెజ్, సోమవారం ఎమీ క్లోబుచర్ అదే బాట పట్టారు. వీళ్లిద్దరూ సోమవారమే డాలస్‌లో బైడెన్‌కు మద్దతు ప్రకటించారు. అయోవాలో నాలుగో స్థానం, న్యూ హ్యాంప్‌షైర్‌లో ఐదో స్థానంతో ‘ఇక ఇంటికే’ అనిపించుకున్న బైడెన్, ఇప్పుడు బెర్నీ శాండర్స్‌కు దీటైన పోటీదారు తానొక్కడినే అంటున్నారు. ఈ మంగళవారం, 2020 మార్చి 3న, 14 రాష్ట్రాలు ఓటేస్తున్నాయి. ఓటర్లు తేల్చే మొత్తం 3,979 మంది డెలిగేట్లలో (అభ్యర్థిని ఎన్నుకునే పార్టీ ప్రతినిధులు) మూడో వంతు మంది ఈ ఒక్క రోజులో ఖరారవుతారు. అభ్యర్థి కావాలంటే 1,991 మంది మద్దతు ఉండాలి.

పరాయి దేశం ఎన్నికల్లో ఒక తెలుగు పత్రిక ఫలానా వారికి ఓటేయమనడం ఏమిటని కొందరికి అనిపించవచ్చు. కానీ ఈరోజు ఓటేసే ప్రాంతాల్లో టెక్సస్‌లోని ఇర్వింగ్, ఫ్రిస్కో ఉన్నాయి. వర్జీనియాలోని ఆష్‌బర్న్, నార్త్ కరోలినాలోని కేరీ, కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ ఉన్నాయి. అక్కడ పౌరసత్వం తీసుకున్న తెలుగువాళ్లు నవంబర్ ఎన్నికల గురించి రాత్రిళ్లు వాట్సాప్‌లో హోరాహోరీగా వాదించుకుంటారు. పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఓటింగ్, అంటే ప్రైమరీ, మాటెత్తితే మాత్రం ‘మేం ఏ పార్టీ వాళ్లం కాదు కదా’ అని ఊరుకుంటారు. ఆ సాకు ఈరోజు చెల్లదు. టెక్సస్, వర్జీనియాల్లో అసలు పార్టీల వారీగా ఓటరు నమోదే లేదు. నార్త్ కరోలినా, మసాచుసెట్స్‌లలో ఏ పార్టీలోనూ చేరని ఓటరు తనకు నచ్చిన పార్టీ బ్యాలెట్ తీసుకోవచ్చు. కాలిఫోర్నియాలో డెమోక్రాటిక్ బ్యాలెట్ కావాలని అడిగితే ఇస్తారు. అడగడం మాత్రం మరచిపోకూడదు.

మన దగ్గర టికెట్ ఎవరికో అధిష్ఠానం తేలుస్తుంది. బీ-ఫారం చేతికొచ్చేదాకా అభ్యర్థికే నమ్మకం ఉండదు, ఇక ఓటరు సంగతి చెప్పేదేముంది? అమెరికాలో ఆ బీ-ఫారం ఇచ్చేది ఓటరే. అంత అధికారం చేతిలో పెట్టుకుని అక్కడి ఓటరు కూడా మన అధిష్ఠానాల భాషే మాట్లాడుతుండటం వింత. ఏడాదిగా ఆ పార్టీలో వినిపిస్తున్న ఒకే ఒక్క ప్రశ్న: ట్రంప్ మీద గెలుపు గుర్రం ఎవరు?

ఈ ప్రశ్న తప్పని అనడం లేదు. దానికి ముందే జవాబు తెలుసనుకోవడం దగ్గరే వస్తోంది చిక్కు. 2004లో హోవర్డ్ డీన్ అయితే ఓడిపోతామని భయపడి, వియత్నాం యుద్ధవీరుడు జాన్ కెర్రీని గెలుపు గుర్రం అనుకున్నారు. ఆయన బుష్ చేతిలో ఓడారు. 2008లో ఒబామా పేరు వింటేనే దేశం ఓటేయదన్న వాళ్లకు లోటు లేదు. ఆయన రెండుసార్లు గెలిచారు. 2016లో అనుభవజ్ఞురాలు హిల్లరీ క్లింటన్‌తో ఢోకా లేదనుకున్నారు, ట్రంప్‌తో రిపబ్లికన్లు మునిగిపోతారనుకున్నారు. ఏమైందో అందరికీ తెలుసు. పక్కింటివాడు ఎవరికి ఓటేస్తాడో ఊహించి మన ఓటును దానికి తగ్గట్టు సర్దుకోవడం పదహారేళ్లలో ఒక్కసారి కూడా సరిగా పనిచేయలేదు. అందుకే మేం మరో కొలత తీసుకున్నాం: చేతికి అధికారం అందినప్పుడు ఈ మనిషి దాంతో ఏం చేశారు? రేపు వైట్‌హౌస్‌లో కూర్చుంటే చెప్పినదాన్ని చట్టంగా మార్చే దారి వీరికి తెలుసా?

ఈ కొలత ముందు మైఖేల్ బ్లూమ్‌బర్గ్ గురించి ఎక్కువ చెప్పుకోనక్కర్లేదు. మొదటి నాలుగు రాష్ట్రాల్లో పోటీయే చేయకుండా, ప్రకటనల మీద 50 కోట్ల డాలర్లకు పైగా సొంత డబ్బు కుమ్మరించారు. మూడుసార్లు న్యూయార్క్ మేయర్‌గా ఆయనకు పాలన తెలియదని ఎవరూ అనరు. అయితే నల్లజాతి, లాటినో యువకులను వీధుల్లో ఆపి సోదాలు చేయించిన విధానాన్ని ఏళ్ల తరబడి సమర్థించి, పోటీకి దిగేముందు గత నవంబర్‌లో క్షమాపణ చెప్పారు. ఆ టైమింగ్ చాలు, ఆ క్షమాపణ విలువెంతో చెప్పడానికి. ఇంకా బరిలో ఉన్న తులసీ గబార్డ్ గెలుపు కోసం పోటీ చేస్తున్నట్టు మాకు కనిపించడం లేదు.

బైడెన్ సంగతి వేరు. 36 ఏళ్లు సెనేట్‌లో, ఎనిమిదేళ్లు ఉపాధ్యక్షుడిగా ఉన్నారు. మహిళలపై హింసను అరికట్టే 1994 చట్టం వెనుక ఆయన కృషి ఉంది. భారత్‌తో పౌర అణు ఒప్పందం 2008లో సెనేట్ గడప దాటినప్పుడు విదేశీ వ్యవహారాల కమిటీ అధ్యక్షుడు ఆయనే. భార్యను, చంటిబిడ్డను ప్రమాదంలో, పెద్ద కొడుకును క్యాన్సర్‌తో పోగొట్టుకున్న ఆయన, ఎదుటివారి దుఃఖం దగ్గర మాట్లాడే తీరులో నటన ఉండదు. సౌత్ కరోలినాలో ప్రతినిధుల సభ సభ్యుడు, నల్లజాతి నేత జిమ్ క్లైబర్న్ లాంటి పెద్దాయన ఆయన చేయి పట్టుకున్నారంటే ఊరికే కాదు. కానీ కష్టమైన ఓట్ల దగ్గర బైడెన్ ఎటు నిలిచారు? 2002లో ఇరాక్ యుద్ధానికి సరే అన్నారు. ఆయన ముందుండి నడిపిన 1994 నేరాల చట్టం జైళ్లను నింపిన చట్టాల్లో ఒకటిగా పేరు మోసింది. అప్పుల్లో మునిగినవారు దివాలా రక్షణ పొందడాన్ని కష్టం చేసిన 2005 చట్టానికి ఆయన గట్టి మద్దతుదారు. క్రెడిట్ కార్డు కంపెనీలు ఏళ్లుగా అడుగుతున్న చట్టమది. ఆ కంపెనీలు ఎన్నో కొలువైన డెలావేర్ ఆయన సొంత రాష్ట్రం. ట్రంప్ గద్దె దిగితే రిపబ్లికన్లు మారిపోతారని ఆయన ఇప్పటికీ నమ్ముతున్నారు. ఒబామా హయాంలో ఎనిమిదేళ్లు వాళ్లను దగ్గరుండి చూసిన మనిషి ఈ మాట ఎలా అంటున్నారో మాకు అంతుపట్టదు.

శాండర్స్‌ను మెచ్చుకోవడం తేలిక. ఇరాక్ యుద్ధాన్ని మొదట్లోనే కాదన్నారు. నలభై ఏళ్లుగా ఒకే మాట మీద ఉన్నారు. అందరికీ ప్రభుత్వ ఆరోగ్య బీమా అన్నది ఒకప్పుడు నవ్విపోయే మాట. ఈరోజు ప్రతి డిబేట్‌లోనూ గంటసేపు దాని గురించే కొట్టుకుంటున్నారంటే అది ఆయన పుణ్యమే. మాజీ సైనికుల వైద్యం కోసం 2014లో రిపబ్లికన్ సెనేటర్ జాన్ మెకెయిన్‌తో కూర్చుని బేరమాడి చట్టం తెచ్చిన శాండర్స్ కూడా ఉన్నారు, ఆ సంగతి ఆయన అభిమానులే మరచిపోతుంటారు. మరి సందేహం ఎక్కడ? అమెరికా సెనేట్‌లో ఫిలిబస్టర్ అనే నిబంధన ఉంది. వంద మందిలో 60 మంది సరే అంటే తప్ప చాలా బిల్లులు ఓటింగ్ దాకా రావు. డెమోక్రాట్లు సెనేట్ గెలిచినా 60 సీట్లు కలలోని మాట. శాండర్స్ కోరుతున్న విప్లవమంతా ఈ గేటు దాటి రావాలి. ఆ గేటు తీసేయడానికి మాత్రం ఆయనకు మనసు రావడం లేదు. లక్షలమంది వీధుల్లోకి వస్తే సెనేటర్లు దిగొస్తారని అంటారు. ప్రజాపోరాటాల మీద మాకూ గౌరవం ఉంది. కానీ తక్కువ జనాభా ఉన్న రాష్ట్రాల సెనేటర్లు వాషింగ్టన్ ఊరేగింపులకు లొంగిన దాఖలాలు మాత్రం పెద్దగా లేవు. గత అక్టోబర్‌లో గుండెపోటు వచ్చిన 78 ఏళ్ల నాయకుడు వైద్య రికార్డులు పూర్తిగా బయటపెట్టను అనడం కూడా మాకు నచ్చలేదు.

ఇక ఎలిజబెత్ వారెన్. 2005 దివాలా చట్టం మీద సెనేట్ కమిటీలో బైడెన్‌కు ఎదురుగా కూర్చుని వాదించిన హార్వర్డ్ ప్రొఫెసర్ ఈమే. ఇల్లు అమ్ముకుని, అప్పులపాలై కోర్టు మెట్లెక్కుతున్నవాళ్లు దుబారా మనుషులని అప్పట్లో అందరూ అనుకునేవారు. వారెన్, ఆమె సహచరులు దివాలా కోర్టుల ఫైళ్లు తిరగేస్తే కనిపించింది వేరే కథ: జబ్బు, ఉద్యోగం పోవడం, విడాకులు. ఆ వాదనలో ఆమె ఓడారు, చట్టం వచ్చేసింది. రెండేళ్లకు, అంటే 2007లో, అప్పుల మార్కెట్‌లో మామూలు మనిషి తరఫున నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ ఒకటి కావాలని వ్యాసం రాశారు. 2008లో మార్కెట్ కుప్పకూలింది. 2010లో ఆ సంస్థ చట్టమైంది. 2011లో తలుపులు తెరిచింది. వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థగా అది బ్యాంకుల నుంచి, అప్పులిచ్చే కంపెనీల నుంచి సుమారు 1,200 కోట్ల డాలర్ల మేర ప్రజలకు ఊరట ఇప్పించింది. దాన్ని కట్టి నిలబెట్టిన మనిషిని దాని డైరెక్టర్ కానివ్వకుండా రిపబ్లికన్లు అడ్డం పడితే, ఆమె 2012లో మసాచుసెట్స్ నుంచి సెనేట్‌కే గెలిచి వచ్చారు. ఒక ఆలోచనను కాగితం మీంచి ఆఫీసు దాకా, ఆ ఆఫీసులోంచి జనం ఖాతాలోకి డబ్బు చేరేదాకా నడిపించిన అనుభవం మిగతా వారిలో ఇంత స్పష్టంగా మాకు కనిపించలేదు.

చిన్న సంగతి ఒకటి చెప్పాలి. వినికిడి యంత్రాలను డాక్టర్ చీటీ లేకుండా దుకాణంలో కొనుక్కునే వీలు కల్పించే చట్టం 2017లో వచ్చింది. దాన్ని వారెన్ తెచ్చింది అయోవా రిపబ్లికన్ గ్రాస్లీతో కలిసి. సంతకం పెట్టింది ట్రంప్. ‘ఆమె అతివాది, ఎవరితోనూ కలవదు’ అనేవాళ్లు ఇది చూడాలి. ఫిలిబస్టర్‌ను రద్దు చేయాలని గత ఏప్రిల్‌లోనే చెప్పారు. 5 కోట్ల డాలర్లకు మించిన సంపద మీద ఏటా 2 శాతం పన్ను వేసి ఆ డబ్బు ఎక్కడ ఖర్చుపెడతారో లెక్క చెప్పారు. కొత్త కరోనా వైరస్ గురించి దేశం ఇంకా పట్టించుకోని జనవరి చివర్లోనే అంటురోగాల మీద ప్రణాళిక విడుదల చేశారు. బైడెన్ కూడా అదే వారం హెచ్చరిస్తూ వ్యాసం రాశారు, ఆ మార్కు ఆయనకూ పడాలి. శనివారం వాషింగ్టన్ రాష్ట్రంలో ఆ వైరస్‌తో మరణం ప్రకటించాక, సోమవారం హైదరాబాద్‌లోనూ తొలి కేసు బయటపడ్డాక ఇది చిన్న విషయంగా అనిపించడం లేదు.

వారెన్ తప్పులూ తక్కువ కాదు. తనది ఆదివాసీ మూలమని ఏళ్లపాటు చెప్పుకుని, డీఎన్ఏ పరీక్షతో ఇంకా ఇరుక్కుని, చివరికి చెరోకీ ఆదివాసీ తెగకు క్షమాపణ చెప్పారు. అందరికీ ఆరోగ్య బీమాకు పదేళ్లలో 20.5 లక్షల కోట్ల డాలర్ల కొత్త ఖర్చని లెక్కగట్టి, రెండు వారాలకే దాన్ని మూడో ఏడాదికి జరిపారు. దానితో అటు శాండర్స్ వర్గం, ఇటు మధ్యేవాదులు ఇద్దరూ దూరమయ్యారు. సూపర్ ప్యాక్‌ల (పరిమితి లేకుండా చందాలు తీసుకుని విడిగా ప్రచారం చేసే సంఘాలు) డబ్బు వద్దని ఏడాది పాటు చెప్పి, ఫిబ్రవరిలో ఒక సూపర్ ప్యాక్ తన కోసం ప్రకటనలు వేస్తుంటే వద్దనలేదు. ఇది మాకు అన్నిటికంటే చేదుగా తోచింది.

మనవాళ్లు అడిగే ప్రశ్న మిగిలింది: గ్రీన్‌కార్డు సంగతేమిటి? ఏ దేశానికీ ఏడు శాతానికి మించి ఇవ్వకూడదన్న పరిమితిని ఉద్యోగ గ్రీన్‌కార్డులకు తీసేసే బిల్లు గత జూలైలో ప్రతినిధుల సభలో 365-65తో నెగ్గి, సెనేట్‌లో చిక్కుకుపోయింది. హెచ్-1బీ అంటే శాండర్స్‌కు పాత అనుమానం. ప్రభుత్వ సాయం పొందిన బ్యాంకులు ఆ వీసాల మీద మనుషులను తీసుకోవడానికి 2009లో గ్రాస్లీతో కలిసి ఆంక్షలు పెట్టించారు. నిజానికి ఈ ఒక్క కొలతతో చూస్తే ఎవరికీ గొప్ప మార్కులు పడవు, వారెన్‌కూ పడవు. కశ్మీర్ మీద శాండర్స్, వారెన్ చేసిన వ్యాఖ్యలు కొందరికి కోపం తెప్పించాయి. కానీ ఫ్రిస్కోలో ఉండే ఓటరు ఆస్పత్రి బిల్లు, పిల్లల కాలేజీ అప్పు కశ్మీర్ ట్వీట్లతో తేలవు.

ఇంతా చెప్పి, ఆమె గెలుస్తారని మేం అనుకోవడం లేదు. అయోవాలో మూడు, న్యూ హ్యాంప్‌షైర్‌లో నాలుగు, సౌత్ కరోలినాలో ఐదో స్థానం. కనీసం 15 శాతం ఓట్లు రాకపోతే డెలిగేట్లు రారు కాబట్టి ఓటు వృథా అంటారు. టెక్సస్, కాలిఫోర్నియాల్లో ముందస్తుగా బూటెజెజ్‌కు, క్లోబుచర్‌కు ఓటేసినవాళ్ల ఓట్లు ఆల్‌రెడీ అలాగే పోయాయి. వాళ్లు కూడా గుర్రం చూసే వేసి ఉంటారు! శాండర్స్, బైడెన్ ఇద్దరూ 1,991కి చేరకపోతే, జూలైలో మిల్వాకీలో జరగాల్సిన పార్టీ మహాసభలో వారెన్ వెంట ఉన్న కొద్దిమంది డెలిగేట్లే బేరంలో కీలకమవుతారు. అప్పుడు ఆమె అడిగేది ఏమిటో ఆమె పాత లెక్కలు చూస్తే తెలుస్తుంది. అభ్యర్థి శాండర్స్ అయినా, బైడెన్ అయినా, వారెన్ పక్షాన ఎన్ని ఓట్లు పడ్డాయో చూసుకునే వాళ్లు తమ ఎజెండా రాసుకుంటారు.

వర్జీనియా, టెక్సస్‌లలో సాయంత్రం 7 వరకు, నార్త్ కరోలినాలో 7.30 వరకు, మసాచుసెట్స్, కాలిఫోర్నియాల్లో 8 వరకు పోలింగ్ ఉంది. ఆ టైముకు క్యూలో నిలబడి ఉంటే ఓటు వేయనిస్తారు.